భోపాల్‌పట్నం సంతలో మా ఇత్తడి సోల

పోయిన ఏడాది మా హారిక స్కూలు ప్రాజెక్టు నేనే చేశాను. దాచుకోవడం దేనికి! ఆరో తరగతి పిల్లకి అగ్నిపర్వతం ఏం చేతనవుతుందిలెమ్మని థర్మకోలు కోసి, రంగులేసి, పొగ కూడా వచ్చేట్టు అమర్చి పంపాను. సైన్సు సారు "పొగ ఎలా వస్తోందమ్మా?" అని అడిగితే పిల్ల నేలచూపులు చూస్తూ నిలబడిపోయిందట. ఇంటికొచ్చి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అందుకే ఈసారి ప్రాజెక్టు అనగానే ముందే షరతు పెట్టింది. "అమ్మా, నువ్వు చెయ్యి పెట్టకు. నోరు కూడా!" ప్రశ్న తనే వెతుక్కుంది: ఒకే సోలతో ఐదుగురు ఉలవలు కొలిస్తే ఐదుసార్లూ ఒకే బరువు వస్తుందా? మా అత్తగారి ఇత్తడి సోల, వంటింటి ఎలక్ట్రానిక్ కాటా, ఒక నోటుబుక్కు సంచిలో సర్దింది. సోలలతో కొలిచే సంత కావాలి, తెలుగులో అడిగితే జవాబు రావాలి. అలా మేముండే కిరండూల్ నుంచి, తెలుగు మాట్లాడేవాళ్లుండే భోపాల్‌పట్నం వైపు బయల్దేరాం.

సెలవొచ్చిన శనివారం, ఉదయం ఐదున్నర బస్సు. చలికి పిల్ల నా శాలువా కూడా లాగేసుకుని దంతెవాడ దాకా నిద్రపోయింది. గీదంలో దిగి బీజాపూర్ వైపు వెళ్లే బస్సు ఎక్కాలి. అక్కడ దొరికిన పావుగంటలో వేడి పోహా తినేయండి, మేం తిన్నాం కాబట్టే మధ్యాహ్నం దాకా ఓర్చుకోగలిగాం. బీజాపూర్ దాటాక బస్సులో మాటలు మారిపోతాయి. వెనక సీట్లో గిరిజనుల దోర్లీ, కండక్టరుతో హిందీ, మా పక్కన తెలుగు. పదకొండు దాటాక భోపాల్‌పట్నంలో దిగాం. ఇద్దరికీ బస్సు చార్జీలు ఆరు వందల లోపే అయ్యాయి. సంత జరిగే ఊరు అక్కడి నుంచి షేరు జీపులో ఇరవై నిమిషాలు, మనిషికి ముప్పై.

జీపు డ్రైవరు మా సంచిలోంచి తొంగిచూస్తున్న కాటాని చూసి నవ్వాడు. "ఏంది మేడం, కాంటా పట్టుకొని సంతకొస్తున్రు? చెకింగా?"

"కాదు బాబూ, మా అమ్మాయి స్కూలు పని."

"గట్లనా! అయితే జర పక్కకు పెట్టుకోన్రి. మావోళ్లు బుగులు పడతరు."

మంచి సలహా. కాటాని నాకిచ్చి, దూరంగా చింతచెట్టు మొదట్లో కూర్చోబెట్టింది హారిక. తను మా సోలతో కొలిపించి ఉలవలు కొనుక్కొస్తుంది, నేను కాటా మీద పెట్టాలి, అంతే నా ఉద్యోగం. మొదటి దుకాణంలో మూడు వందల నలభై గ్రాములు వచ్చింది. రెండోది మూడు వందల ముప్పై ఐదు. పిల్ల మొహం వెలిగిపోయింది. మూడో చోట లచ్చమ్మ అనే పెద్దావిడ దగ్గర వ్యవహారం బెడిసింది.

"మా సోల ఉండంగ నీ సోలెందుకు? మా కొలత మీద నమ్మకం లేదా ఏంది?"

ఆవిడ గొంతు చింతచెట్టు దాకా వినబడింది. నా నోరు ఊరుకుంటుందా? పరుగున వెళ్లి "అది కాదు పెద్దమ్మా! స్కూల్లో ప్రాజెక్టు, దీనికి మార్కులు వేస్తారు" అని మొత్తం చెప్పేశాను. పక్కన ఉలవలు అమ్ముతున్న ఇద్దరూ కూడా విన్నారు. లచ్చమ్మ మొహం విచ్చుకుంది. సోల నింపి, అంచు చుట్టూ అరచెయ్యి అడ్డం పెట్టి, ఆ చేతిలోకి కూడా గింజలు పోసి గోపురం కట్టింది. నాలుగో ఆవిడా, ఐదో ఆవిడా అంతే. చివరి ఆవిడైతే పైన ఇంకో గుప్పెడు కొసరు వేసింది. కాటా మీద మూడు సంచులూ ఒక్కోటి నాలుగు వందల గ్రాములు దాటాయి.

హారిక నోటుబుక్కు మూసేసింది. "చెడగొట్టావమ్మా. అంతా చెడగొట్టావు!"

"నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు కదే."

"నీ నోరు మంచిదే. నా ప్రాజెక్టుకే మంచిది కాదు!" అంటూ కళ్ల నిండా నీళ్లు పెట్టుకుంది. మళ్లీ అగ్నిపర్వతమే చేశానా అనిపించింది.

లచ్చమ్మ లేచి వచ్చింది. "ఎక్కువొచ్చిందని ఏడుస్తరా బిడ్డా ఎవలన్న?"

"ఎక్కువ ఎందుకు పోశారు మీరు?"

"సదువుకునే పిల్లవాయె. నీకు అంచుకాడికి గీసి పోస్తనా? సేటుకు గీస్తం. పక్కింటామెకు జర ఎత్తుగ పోస్తం. బాలింతకు, బిడ్డలకు గిట్ల చేతులడ్డం పెట్టి పోస్తం. మా అమ్మ కూడా గట్లనే పోసేది."

హారిక కళ్లు తుడుచుకుంది. నోటుబుక్కు మళ్లీ తెరిచి కొత్త పేజీలో గడులు గీసింది. "సేటుకి పోసినట్టు ఒకసారి పొయ్యండి. తర్వాత పక్కింటావిడకి." నా చేతిలోంచి కాటా తీసుకుని "నువ్వెళ్లి మిరపకాయ బజ్జీలు తిను" అని తరిమేసింది. నాలుగు బజ్జీలు తిన్నాను, ఒక్క మాట మాట్లాడలేదు. దూరం నుంచి చూస్తుంటే ఆ అమ్మలందరూ దాని చుట్టూ చేరి, బాలింతకి ఎంత ఎత్తు పొయ్యాలో వాదించుకుంటున్నారు. అంత హాయిగా నేను ఏ ప్రయాణంలోనూ కూర్చోలేదు.

పిల్లలతో ఇలా వెళ్లేవాళ్లకి నా సలహా ఒకటే: దిగగానే తిరుగు బస్సు వేళ అడిగి పెట్టుకోండి. మేం రెండున్నర బస్సు పట్టుకున్నాం కాబట్టే రాత్రి భోజనాల వేళకి ఇంట్లో ఉన్నాం. ఆ ఉలవలతో వారం రోజులు చారు కాచాను. పిల్లకి సాయం చెయ్యడమంటే దాని పని మనం లాక్కోవడమేనని ఇన్నాళ్లూ అనుకున్నానా అని, చారు కలుపుకున్నప్పుడల్లా సిగ్గూ నవ్వూ కలిసి వచ్చాయి.

స్కూల్లో ప్రాజెక్టులు చూపించే రోజున తల్లిదండ్రుల్నీ పిలిచారు. నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను. అదే సైన్సు సారు హారిక పట్టికంతా చదివి, "బాగానే ఉంది కానీ, ఇంతకీ ఒక సోల ఉలవలంటే ఎంతమ్మా?" అని అడిగారు. జవాబు తెలిసీ నోరు మూసుకోవడం ఎంత కష్టమో నాకు ఆ రోజే తెలిసింది. హారిక నేల వైపు చూడలేదు. సారు మొహంలోకే చూస్తూ అడిగింది.

"ఎవరికి సార్?"