దుప్పటి కింద కబడ్డీ

మా పీఈటీ మేడమ్ పోయింది. మొన్న ఆదివారం పొద్దున శిరీష ఫోన్ చేసి చెప్పింది. శిరీష, నేను బడిలో ఒకే జట్టులో కబడ్డీ ఆడినవాళ్ళం. "మేడమ్ లేదే ఇగ" అన్నది. మేడమ్ కిడ్నీల జబ్బుతో దవాఖాన చుట్టూ తిరుగుతోందని మాకు తెలుసు. అయినా ఆమె ఒక జబ్బుకు లొంగుతుందని మేమెవరమూ అనుకోలేదు.

సాయంత్రానికి అందరి వాట్సాప్ స్టేటస్‌లలో ఆమె ఫొటో వచ్చింది. కింద "సౌమ్యురాలు, మితభాషి, అజాతశత్రువు" అని రాసి ఉంది. రాసినవాళ్ళెవరో గాని ఆమెను ఒక్క పూట కూడా చూసి ఉండరు. మా మేడమ్ సౌమ్యురాలు కాదు. మితభాషి అసలే కాదు. బస్సు ఆపని డ్రైవర్‌తో, గ్రౌండ్‌లో వడ్లు ఆరబోసిన రైతులతో, ఆటల పీరియడ్ లాక్కునే లెక్కల సార్‌తో, అందరితో ఆమె పోట్లాడింది. చచ్చిపోయింది కదా అని ఇప్పుడు ఆమె నోరు మూయిస్తామంటే నేను ఒప్పుకోను. అందుకే ఇది రాస్తున్నాను.

మాది ఇబ్రహీంపట్నం నుంచి లోపలికి, గుట్టల నడుమ ఉన్న ఊరు. మేం బడిలో చదివేనాటికే బొంగులూరు దగ్గర రింగురోడ్డు పడింది. మన్నెగూడ నుంచి మా ఊరి పొలిమేర దాకా వెంచర్ల బోర్డులు దిగాయి. మా బాపు ఆ వెంచర్లలోనే జేసీబీ నడిపేవాడు. పట్నం మన దగ్గరికే వచ్చేసిందని అందరూ మురిసిపోయేవారు గాని, బడి వెనక గ్రౌండ్‌లో మాత్రం ఫోన్‌కు సిగ్నల్ వచ్చేది కాదు. డేటా చవకైపోయి ప్రతి చేతిలో పెద్ద ఫోన్ ఉన్నా, మాట్లాడాలంటే రోడ్డు మీదికి పోవాల్సిందే.

మేడమ్ శేరిగూడలో అద్దెకు ఉండేది. ఇంజినీరింగ్ కాలేజీల పుణ్యమా అని అక్కడ నెట్‌కు కొదవ లేదు. పొద్దున స్టవ్ మీద అన్నం పెట్టి, ఫోన్‌లో కబడ్డీ వీడియోలు వెతికి, వాటి కింద ఉండే బాణం గుర్తు నొక్కేదట. అన్నం ఉడికేలోపు వీడియో ఫోన్‌లోకి దిగి కూర్చునేది. ఇక నెట్ లేకపోయినా చూసుకోవచ్చు. టిఫిన్ డబ్బా, విజిల్, ఆ ఫోన్, వీటితో పాటు ఒక పాత దుప్పటి స్కూటీ మీద వేసుకుని వచ్చేది.

దుప్పటి ఎందుకంటే, ఎండలో ఫోన్ తెర కనిపించేది కాదు. ఫోన్‌ను రెండు ఇటుకల మధ్య నిలబెట్టి, మీద దుప్పటి పరిచి, అందరం లోపలికి తలలు దూర్చేవాళ్ళం. లోపలంతా కొబ్బరినూనె, చెమట వాసన. ఒకరి మోచెయ్యి ఇంకొకరి ముక్కుకు తగిలేది. మేడమ్ నడుమ కూర్చుని "ఆపు" అని తనకు తానే చెప్పుకుని వీడియో ఆపేది. కూతకు పోయిన పిల్ల బరువు ఏ కాలి మీద ఉందో చెప్పమనేది. తప్పు చెబితే "ఎన్కకు" అని మళ్ళీ మొదటి నుంచి. సరిగ్గా చెప్పేదాకా ముందుకు పోనిచ్చేది కాదు.

ఆమె దాచుకున్న వాటిలో పెద్ద పెద్ద మ్యాచులతో పాటు మా మ్యాచ్ కూడా ఒకటి ఉండేది. ఇబ్రహీంపట్నంలో జరిగిన మండలం పోటీల్లో మేం ఓడిపోయిన ఆట అది. అవతలి ఊరివాళ్ళెవరో ఫోన్‌లో తీసి నెట్‌లో పెట్టుకున్నారు. మేం సిగ్గుతో అది చూపించొద్దని బతిమాలాం. ఆమె వింటేనా. "గెలిచిన ఆట చూసి ఏం జేస్తరే? సంబురపడ్తరు, అంతే. ఓడింది చూడున్రి, పనికొస్తది" అన్నది. అన్నిటికంటే ఎక్కువసార్లు చూసింది ఆ వీడియోనే. దాంట్లో ఎవరు ఎప్పుడు ఎటు కదిలారో మాకు నోటికి వచ్చేసింది.

ఒకసారి నా చీలమండ మడతపడితే ఆమె స్కూటీ మీద కూర్చోబెట్టుకుని ఇబ్రహీంపట్నం దవాఖానకు తీసుకుపోయింది. దారి పొడుగునా కాలు తప్పుగా మోపానని తిడుతూనే ఉంది. నొప్పిగా ఉందా అని మాట వరసకైనా అడగలేదు. కానీ డాక్టర్ కాలు నొక్కుతుంటే నా చెయ్యి వదల్లేదు. నాకు ఆమె మీద అంత ప్రేమ ఎందుకని అడిగితే ఈ ఒక్కటి చెప్పగలను.

ఆ దుప్పటే మా కొంప ముంచింది. ఆడపిల్లలంతా దుప్పటి కప్పుకుని, ఫోన్ పెట్టుకుని లోపల ఏదో చూస్తున్నారని ఊళ్ళో పుకారు పుట్టింది. ఆ "ఏదో" నోరు మారిన కొద్దీ పెరిగింది. దసరా సెలవుల్లో మా బాపు కబడ్డీ బంద్ అనేశాడు. మిగతా ఇళ్ళలోనూ అదే మాట. నేను రెండు పూటలు అన్నం తినకుండా అలిగినా ఆయన కరగలేదు. ఆట పోతే నాకు బడిలో ఇంకేమీ మిగలదని ఆయనకు ఎట్లా చెప్పాలో తెలియలేదు.

సెలవులు అయి బడి తెరవగానే హెడ్మాస్టర్ ఈ సంగతి మేడమ్‌కు చెప్పి, కొన్నాళ్ళు ఆటలు ఆపేద్దామన్నాడు. ఆమె భగ్గుమన్నది. "ఆపుడెందుకు సార్? వాళ్ళ నాయినలను పిలువున్రి. మేం ఏం చూస్తున్నమో వాళ్ళకు గూడ చూపిస్త" అన్నది.

ఆ సాయంత్రమే మా తండ్రులు బడి వెనక గ్రౌండ్ దగ్గరికి వచ్చారు. వాళ్ళతో పాటు బడి కమిటీ పెద్దమనిషి ఒకాయన వచ్చాడు. మేడమ్ ఫోన్ తీసి వీడియో నొక్కింది. వీడియో రాలేదు. నెట్‌కు కలపమని ఒక మాట వచ్చి నిలబడింది. సెలవులంతా ఆమె వాళ్ళమ్మ ఊళ్ళో ఉన్నది. అక్కడా సిగ్నల్ లేదు. అక్కడి నుంచి ఆ పొద్దున నేరుగా బడికే వచ్చింది. అట్లా చాలా రోజులు నెట్ తగలకపోతే దాచుకున్న వీడియోలకు తాళం పడుతుందని ఆమెకు తెలియదు. ఒకసారి దించుకుంటే ఇక తనదే అనుకుంది. మేమూ అదే అనుకున్నాం.

పెద్దమనిషి నవ్వి, చూపించగూడనిది గనుకనే ముందే తీసేసి ఉంటారన్నాడు. ఇప్పుడు రోడ్డు మీదికి పోయి నెట్‌లో ఏది పట్టుకొచ్చి చూపించినా నమ్మేది లేదన్నాడు. బాపు తల దించుకున్నాడు. మేడమ్ ఒకసారి ఫోన్‌ను, ఒకసారి ఆయనను చూసింది. ఫోన్‌ను హెడ్మాస్టర్ చేతిలో పెట్టింది.

"ఫోన్‌ల లేకుంటే పాయె. పిల్లలకు నోటికొచ్చు. రాండ్రే" అన్నది.

మేం గ్రౌండ్‌లోకి దిగాం. కొందరం మేమే అయ్యాం, కొందరు అవతలి ఊరి జట్టు అయ్యారు. మేం ఓడిన ఆ మ్యాచ్‌ను మొదటి నుంచి ఆడాం. అసలు మ్యాచ్ రోజు మా తండ్రులెవరూ రాలేదు. ఇప్పుడే మొదటిసారి చూస్తున్నారు. ఆమె "ఆపు" అన్నప్పుడు ఉన్నవాళ్ళం ఉన్నట్టే బిగుసుకుపోయాం. ఒంటికాలి మీద ఉన్నవాళ్ళు ఒంటికాలి మీదే. ఆమె మా మధ్య తిరుగుతూ ఎవరి కాలు ఎక్కడ తప్పిందో తండ్రులకు చూపించింది. "ఎన్కకు" అంటే అందరం వెనక్కి వెనక్కి నడిచాం. పడిపోయిన శిరీష నేల మీద నుంచి వెనక్కి లేచేసరికి హెడ్మాస్టర్ కూడా నవ్వేశాడు. దుప్పటి కింద చూసేది ఇదేనని ఇక ఎవరికీ చెప్పాల్సిన పని లేకపోయింది.

చివరి కూత నాది. అవతలి జట్టు నుంచి ఒకామె నా కాలు పట్టింది, మిగతావాళ్ళు మీద పడ్డారు. నేను బోర్లా పడి నడిమి గీతకు చెయ్యి చాచాను. మేడమ్ "ఆపు" అన్నది.

అట్లాగే ఉండిపోయాం. నా నోట్లో మట్టి, వీపు మీద నలుగురు. ఆమె మాత్రం ఏమీ చెప్పకుండా మా తండ్రుల వైపు తిరిగి నిలబడింది. ఎంతసేపైందో తెలియదు గాని చాచిన చెయ్యి బరువెక్కి నేలకు దిగసాగింది.

బాపుకే ముందు మనసు ఆగలేదు. "మేడమ్, జర నడిపియ్యున్రి. పిల్ల చెయ్యి గుంజుతది" అన్నాడు.

"నడిపిస్తనన్నా. రేపు గూడ నడిపియ్యాల్నా, ఇయ్యాల్టితోని బందేనా? గది చెప్పు ముందుగాల."

బాపు పెద్దమనిషి వైపు చూడలేదు. నా వేళ్ళకూ గీతకూ మధ్య ఉన్న జాగాను చూశాడు.

"మా పిల్ల ఆ గీత ముట్టిందా మేడమ్?"

"ముట్టలే. గందుకే ఓడినం."

"అట్లయితే ఆడనియ్యున్రి. ముట్టేదాక ఆడనియ్యున్రి" అన్నాడు బాపు.

అప్పుడైనా ఆమె మమ్మల్ని వదలలేదు. నడుము మీద చేతులు పెట్టుకుని పక్కనున్న శిరీష వాళ్ళ నాయిన ముఖంలోకి చూస్తూ నిలబడింది. ఆయన తల ఊపాక ఆ పక్కాయన వైపు తిరిగింది. మేమంతా మట్టిలో ఒకరి మీద ఒకరం, ఊపిరి బిగబట్టి, కదలకుండా ఆమెనే చూస్తున్నాం.