రివాల్వర్ పిడికి ఎర్రదారం

కోవిడ్‌కు రెండేళ్ళ ముందు, వేసవి మొదట్లో, బహ్రెయిన్‌లో ఒక వ్యాపార కుటుంబం దగ్గర ఆర్మరర్‌గా చేరాను. అంతకు ముందు ఇరవై ఆరేళ్ళు సైన్యంలో అదే పని చేసి నాయబ్ సుబేదారుగా రిటైరయ్యాను. ఆర్మరర్ పని తుపాకీ పేల్చడం కాదు. అది పేలవలసినప్పుడు పేలేట్టు, పేలకూడనప్పుడు పేలకుండా ఉండేట్టు చూడటం. ఆ కుటుంబానికి ప్రభుత్వ అనుమతితో నాలుగు చిన్న రివాల్వర్లు ఉండేవి. సల్మాబాద్‌లో వాళ్ళ గోదాము వెనక గది నా ఆయుధాగారం. అంగరక్షకుడు డ్యూటీ ఎక్కేటప్పుడు సంతకం పెట్టి ఆయుధం తీసుకోవాలి, దిగగానే తూటాలు తీసి నాకు అప్పగించాలి.

చేరిన వారానికే ఒక ఫిర్యాదు వచ్చింది. యజమాని అద్లియాలో ఒక హోటల్లో అతిథులతో భోజనం చేస్తుండగా, వెనక నిలబడ్డ అంగరక్షకుడు మల్లేశం కోటు కింద ఉబ్బు కనబడి, అతిథి ఒకరు గబగబా బిల్లు అడిగారట. నా పై అధికారి అబూ సాలెహ్, పోలీసు శాఖలో చేసి వచ్చిన బహ్రెయినీ, యజమాని మాటగా ఒకటే చెప్పాడు. ఆయుధం ఉండాలి, ఉన్నట్టు తెలియకూడదు.

రివాల్వర్ దాచడమంటే గొట్టం దాచడమని జనం అనుకుంటారు. గొట్టం రెండంగుళాలే, నడుము పట్టీలోకి దిగిపోతుంది. పట్టిచ్చేది పిడి. అది పెద్దదైతే బట్ట మీద కొసదేలి కనబడుతుంది. మా రివాల్వర్లకు ఉన్నవి పెద్ద రబ్బరు పిడులు. అయిదు వేళ్ళకూ చోటుంటుంది, పేల్చినప్పుడు చెయ్యి అదరదు, కానీ రబ్బరు కోటు లోపలి గుడ్డను పట్టుకుని వదలదు. మనిషి వంగి లేచాడంటే కోటు అక్కడే ఉండిపోతుంది. బహ్రెయిన్ ఎండకు దళసరి కోటు వేయించలేం. అందుకని పొట్టి, నున్నటి చెక్క పిడులు తెప్పించాను. చిటికెన వేలికి ఆధారం పోయింది కానీ గుడ్డ జారిపోతుంది, ఉబ్బు మాయం. అబూ సాలెహ్ నలుగురు అంగరక్షకులకూ కోట్లు వేయించి, అటూ ఇటూ నడిపించి, తలాడించాడు.

అయితే నెలాఖరుకు ఆర్నెల్లకోసారి జరిగే గురి పరీక్ష ఉంది. ఇరవై అయిదు తూటాల్లో ఇరవై వలయం లోపల పడాలి. తప్పినవాడు రివాల్వర్ డ్యూటీ నుంచి గోదాము గేటుకు పోతాడు. మల్లేశానికి అది చిన్న విషయం కాదు. జగిత్యాల వైపు మనిషి, సిపాయిగా చేసి వచ్చాడు. అంగరక్షకుడి హోదాతో మహూజ్‌లో రెండు గదుల ఇల్లు, కుటుంబ వీసా వచ్చాయి. పై నెలలో భార్యా కూతురూ విమానం ఎక్కబోతున్నారు. గేటు డ్యూటీ అంటే కార్మికుల క్యాంపులో మంచం. క్యాంపులో కుటుంబాలకు చోటు లేదు.

కొత్త పిడులతో తొలి సాధనలో మల్లేశం ఇరవై రెండు కొట్టాడు. అందరికన్నా ఎక్కువ. మర్నాడు ఆయుధాలు తుడుస్తుంటే అతని రివాల్వర్‌కు, ట్రిగ్గర్ చుట్టూ ఉండే ఇనుప కమ్మీ వెనక, పిడి మెడకు ఎర్రదారం బిగించి చుట్టి ఉంది. ఏడు చుట్లు. పిలిచి అడిగాను.

“కొండగట్టు అంజన్న దారం సాబ్. మా ఇంటామె పంపింది. నిన్న పేల్చేటందుకు ముందే కట్టిన. దాని జోలికి పోకుండ్రి,” అన్నాడు.

నేను గుంటూరు జిల్లా వాణ్ణి. పద్దెనిమిదో ఏట నుంచి వేదికలెక్కి బాబాలతో, జోస్యులతో వాదించినవాణ్ణి. ఎర్రదారం కనబడితే నా చెయ్యి ఊరుకుంటుందా? ఆయుధానికి ఆర్మరర్ అనుమతి లేకుండా ఏదీ తగిలించరాదనే నియమం కూడా నా వైపే ఉంది. తూటాకు భక్తుడెవరో తెలియదని, దేవుడు గురి చూసేట్టయితే సాధనకు ఇన్ని తూటాలు ఎందుకు తగలేస్తున్నామని, మిగతా ముగ్గురూ వింటుండగా ఉపన్యాసం ఇచ్చి కత్తెరతో కత్తిరించాను. మల్లేశం వంగి ముక్కలు ఏరి జేబులో పెట్టుకున్నాడు.

తరువాతి సాధనలో పద్నాలుగు.

“చూసిండ్రా సాబ్,” అన్నాడు, తిట్టు కాదు, ఫిర్యాదు కాదు, వాతావరణం చెప్పినట్టు. “అంజన్న అలిగిండు.”

నా దగ్గర వివరణ సిద్ధంగా ఉంది. దారం పోయిందన్న భయంతో మనసు చెదిరింది, మనసు చెదిరితే చెయ్యి చెదిరింది. ఈ మాట అబూ సాలెహ్‌కు కూడా చెప్పాను. చక్కటి సిద్ధాంతం. లోపం ఒకటే, అది తప్పు. రెండు రోజుల తరువాత మళ్ళీ పదమూడే వచ్చాయి. పరీక్షకు ఇంకా అయిదు రోజులుంది. ఇంటికి ఫోన్ చేసి టికెట్లు ఆపమని చెప్పాలా అని మల్లేశం నన్నే అడిగాడు. అప్పుడు సంతకానికి చాచిన అతని చేతిని చూశాను. నడివేలి కణుపు వాచి, తోలు లేచి, ఎర్రగా ఉంది.

ఇన్నేళ్ళ ఆర్మరర్‌ను, ఆ వేలు నాకు ముందు కనబడవలసింది. పొట్టి చెక్క పిడికీ ఇనుప కమ్మీకీ మధ్య సందు ఉంటుంది. మల్లేశం చెయ్యి పెద్దది. పేల్చిన ప్రతిసారీ రివాల్వర్ వెనక్కి తన్ని, కమ్మీ నడివేలి కణుపు మీద సుత్తిలా పడుతోంది. దెబ్బ కోసం ఎదురుచూసే వేలు ముందే బిగుసుకుంటుంది, గురి కిందికి పోతుంది. ఏడు చుట్ల దారం సరిగ్గా ఆ సందునే నింపింది. నేను కత్తిరించింది మూఢనమ్మకాన్ని కాదు, మెత్తను.

అనుకోవడం చాలదు, రుజువు కావాలి. అబూ సాలెహ్‌కు విషయం చెబితే సంబరపడ్డాడు. మేం సాధన చేసే షూటింగ్ రేంజిలో పక్క గదిలో కూర్చుని, ఒకే రివాల్వర్‌కు మూడుసార్లు మూడు రకాలుగా చుట్టాడు. ఒకసారి అంజన్న దారం ముక్కలు, ఒకసారి గోదాములో అట్టపెట్టెలు కట్టే సుతిలి, ఒకసారి ఏమీ లేకుండా. మూడింటి మీదా నల్ల టేపు వేశాడు. ఏది ఎప్పుడో చీటీ మీద రాసి జేబులో పెట్టుకున్నాడు. నాకూ చెప్పలేదు, మల్లేశానికీ చెప్పలేదు. పదేసి తూటాలు. మొదటిసారి తొమ్మిది లోపల పడ్డాయి, రెండోసారి నాలుగు, మూడోసారి ఎనిమిది.

చీటీ తీయకముందు అంజన్న ఏసారి వచ్చాడని మల్లేశాన్ని అడిగాను.

“మొదటిసారే సాబ్. చేతుల పెట్టంగనే తెలిసింది.”

అబూ సాలెహ్ చీటీ విప్పి చదివాడు. మొదటిది సుతిలి. రెండోది ఉత్త టేపు. మూడోది అంజన్న. ఆయన నవ్వుకు రేంజి ఉద్యోగి తలుపు తీసి చూశాడు. నేను గెలిచిన వక్తలా మల్లేశం వైపు తిరిగాను. అతను చీటీ అందుకుని, చదివి, నా చేతిలో పెట్టాడు.

“అంజన్న సుతిలిల ఉండొద్దని రూలేమన్న ఉన్నదా సాబ్?”

నలభై ఏళ్ళ వాదాల్లో నాకు దీటైన జవాబు దొరకని ప్రశ్నలు రెండో మూడో ఉన్నాయి. వాటిలో ఇదొకటి. దొరకనందుకు ఆరోజు నాకేమీ నష్టం కలగలేదు, ఎందుకంటే సందు ఎంతో మా ఇద్దరికీ తెలిసిపోయింది.

దారమైనా సుతిలి అయినా చెమటకు నాని వదులవుతుంది. పైగా గుడ్డకు తగులుకుంటుంది. ఎదురుగా ఉన్న గ్యారేజీలో కార్ల సొట్టలకు పూసే పుట్టీ ఇంత తెచ్చి, ఖాళీ రివాల్వర్ సందులో పెట్టి, మల్లేశాన్ని పట్టుకోమన్నాను. ఎండాక అతని నడివేలి అచ్చు వచ్చింది. దాన్ని చూసి టేకు ముక్క చెక్కి, నున్నగా తోమి, పిడి మరలతోనే బిగించాను. కోటు వేసి అబూ సాలెహ్ ముందు నడిపించాను. ఏమీ కనబడలేదు. “ఖలాస్,” అన్నాడాయన, ఇక పని అయిపోయిందన్నట్టు.

పరీక్షలో మల్లేశానికి ఇరవై మూడు వచ్చాయి. మిగతా ముగ్గురూ కూడా వచ్చి, సిగ్గుపడుతూ, తమ కణుపులు చూపించారు. అంతదాకా చెప్పకపోవడానికి కారణం నా ఉపన్యాసమే. నొప్పి అంటే అదీ భ్రమ అంటానేమోనని ఊరుకున్నారట. వాళ్ళకూ చెక్కి ఇచ్చాను.

ఆ తరువాత నేను అక్కడ పనిచేసినన్నాళ్ళూ నా రిజిస్టరు మొదటి పేజీలో ఒక నియమం ఉండేది. అంగరక్షకుడు ఆయుధానికి ఏది తగిలించినా, తీసే ముందు అది ఉన్నప్పుడొకసారి, లేనప్పుడొకసారి పేల్చి చూడాలి. మనిషి చెప్పే కారణం తప్పు కావచ్చు. అతను గమనించిన ఫలితం నిజం కావచ్చు. కారణాన్ని ఎగతాళి చేసే తొందరలో ఫలితాన్ని చూడనివాడు హేతువాది కాడు. నేను ఆ రెండు వారాలూ కాను.