మా పెదనాన్న చూసిన హిమాలయం

మొన్న పొద్దున పేపరు విప్పగానే అందులోంచి రంగుల కాగితం ఒకటి జారి ఒళ్ళో పడింది. బెజవాడలో ఏదో యాత్రల కంపెనీ వాళ్ళు వేయించిన కరపత్రం. పైన తెల్లటి మంచుకొండ, కింద హెలికాప్టరు, దాని పక్కన చేతులు జోడించి నవ్వుతున్న ముసలి దంపతులు. మోకాళ్ళ నొప్పులున్నా ఫరవాలేదు, బదరీనాథుడి దర్శనం చేయించి మళ్ళీ ఇంటి గుమ్మంలో దింపుతామని రాశారు. నా ఈడు వాళ్ళు ఆ బొమ్మ చూస్తే కళ్ళకద్దుకుంటారు. నాకు మాత్రం మా పెదనాన్న గుర్తొచ్చి ఒళ్ళు మండింది. పోయినవాళ్ళ గురించి చెడ్డగా మాట్లాడకూడదంటారు గానీ, ఆయన బతికున్న రోజుల్లో ఆయన్ని ఒక్క మాట అనే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేకపోయింది గనక, ఆ పని ఇప్పుడైనా ఎవరో ఒకరు చెయ్యాలి కదా.

పందొమ్మిది వందల యాభైల నాటి తిరువూరు మాది. మెయిన్ బజారులో పెదనాన్న కిరాణా కొట్టు, దాని వెనక నూనె మిల్లు, ఆ వెనక మేమంతా ఉండే ఇల్లు. మా నాన్న అన్నగారి కింద కొట్లో కూర్చునేవాడు, అన్నగారు దగ్గితే లేచి నిలబడేవాడు. ఆ రోజుల్లో మాకు ఉత్తర దిక్కంటే వల్లమాలిన గౌరవం. కుబేరుడు అక్కడే ఉంటాడని గల్లాపెట్టె అటు తిప్పి పెట్టేవాళ్ళు, అటు తల పెట్టుకుని మాత్రం పడుకోనిచ్చేవాళ్ళు కాదు. బడి పుస్తకాల్లో ఋషులందరూ ఉత్తరాన్నే తపస్సు చేసేవాళ్ళు, కావ్యాలు చదువుకున్న పెద్దలు హిమగిరి పేరెత్తితే చాలు గొంతు మార్చేవాళ్ళు, బట్టల కొట్టు వాళ్ళు పంచే క్యాలెండర్లో శివుడు ఆ మంచులో పైన గుడ్డ లేకుండా హాయిగా కూర్చునేవాడు. మా ఊరికొచ్చే నాటకాల వాళ్ళ కైలాసం పరదా మీద మంచుకొండల మధ్య మామిడిచెట్లు, చిలకలు ఉండేవి, ఆ బొమ్మ వేసినవాడు కూడా మా లాగా కృష్ణా జిల్లా దాటి ఎరగడు కాబోలు. రోహిణి కార్తెలో కుండ నీళ్ళ కోసం కొట్టుకునే మాకు చల్లగా ఉండేదేదైనా పవిత్రమైనదేననిపించేది. ఇక అక్కడికి వెళ్ళొచ్చిన మనిషంటే చెప్పేదేముంది, బజారులో నడుస్తుంటే జనం పక్కకి తప్పుకునేవాళ్ళు.

ఆ ఉత్తరం మీద మా ఇంట్లో అందరికంటే ఎక్కువ ఆశ పెట్టుకున్నది మా మేనత్త. పెదనాన్నకీ నాన్నకీ ఒక్కతే చెల్లెలు. పెళ్ళయిన కొద్దికాలానికే భర్త పోయి పుట్టింటికి వచ్చేసింది, వచ్చిన రోజున వంటింట్లోకి వెళ్ళిన మనిషి ఇక అక్కడే ఉండిపోయింది. ఇంటిల్లిపాదికీ, మిల్లు గుమాస్తాలకీ, సరుకుల కోసం వినగడప నుంచీ ఎ.కొండూరు నుంచీ వచ్చే రైతులకీ ఆవిడే వండి వార్చేది. అందరి విస్తళ్ళ దగ్గరా నిలబడి, ఇంకొంచెం వేయించుకోమని బతిమాలి, చెయ్యి అడ్డం పెడితే వేళ్ళ సందుల్లోంచి నెయ్యి పోసి మరీ తినిపించేది. తనెప్పుడు తిన్నదో, అసలు తిన్నదో లేదో మేం చూడలేదు.

అత్తకి చదువు రాదు. మధ్యాహ్నం అంట్లు తోమటం అయ్యాక నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, నేను లైబ్రరీ నుంచి తెచ్చే పుస్తకాల్లో ఉత్తరదేశం సంగతులు చదివించుకునేది. అట్ట ఊడిపోయిన యాత్రా పుస్తకం ఒకటి ఉండేది, దాన్ని ఎన్నిసార్లు చదివానో నాకే తెలియదు. దేవదారు చెట్టు ఎంతెత్తు ఉంటుంది, మంచు కాళ్ళకి తగిలితే కాలుతుందా, అంత చలిలో బియ్యం ఉడకటానికి ఎంతసేపు పడుతుంది అని అడిగేది. పుస్తకంలో లేని జవాబులు నేను కల్పించి చెప్పేదాన్ని. మిల్లు పని ఓ కొలిక్కి రానీ, తీసుకెళ్తానని పెదనాన్న ఏటా మాట ఇచ్చేవాడు, ఆవిడ ఏటా నమ్మేది.

చివరికి ఒక ఏడు ఊళ్ళో వర్తకులంతా కలిసి ప్రయాణం పెట్టుకున్నారు. వేసవిలో మిర్చి, మామిడి బేరాలుంటాయి గనక కార్తీకం వెళ్ళగానే బయలుదేరాలనుకున్నారు. అత్త ఆ వారమంతా దారిలోకి అరిసెలు, చేగోడీలు, పొడులు, పచ్చళ్ళు చేసి డబ్బాలకెత్తింది, తన రెండు చీరలూ ఉతికి మడత పెట్టుకుంది. తీరా బయలుదేరే ముందు రోజున పెదనాన్న భోజనం చేస్తూ, తలెత్తకుండా, నువ్వూ వచ్చేస్తే ఇక్కడ మిల్లు వాళ్ళకి ఎవరు వండుతారమ్మా అన్నాడు. పెద్దమ్మని మాత్రం వెంటబెట్టుకుని బెజవాడ వెళ్ళి రైలెక్కాడు. అత్త మడత పెట్టిన చీరలు మళ్ళీ దండెం మీద వేసింది. అది చూసిన రోజున నాకు కలిగిన కసి ఇప్పటికీ అలాగే ఉంది.

సంక్రాంతి వెళ్ళాక మేళతాళాలతో తిరిగొచ్చారు. కాశీ వెళ్ళినవాళ్ళు తమకిష్టమైన కూరో పండో అక్కడ వదిలిపెట్టి రావాలని ఆచారం కదా, పెదనాన్న జన్మలో నోట పెట్టని కాకరకాయ వదిలిపెట్టాడు, పళ్ళు ఊడిపోయిన పెద్దమ్మ జామకాయ వదిలిపెట్టింది. అరుగు మీద కూర్చోబెట్టి జనం కాళ్ళకి దణ్ణాలు పెడుతుంటే, పెదనాన్న అత్తని పిలిచి, యాత్రికుడి కాళ్ళు కడిగి ఆ నీళ్ళు నెత్తిన చల్లుకుంటే నీకూ యాత్ర ఫలం వచ్చినట్టేనమ్మా అని నలుగురూ వినేట్టు చెప్పాడు. ఆవిడ కడిగింది, చల్లుకుంది. ఆ తరువాత ఆయన కాశీ, ప్రయాగ అయ్యాక ఒక్కణ్ణే బదరీ దాకా వెళ్ళానని, తలుపులు తెరిచి పూజారి తన చేతే హారతి ఇప్పించాడని చెప్పటం మొదలుపెట్టాడు. ఆ మాట అబద్ధమని నాకు అక్కడికక్కడే తెలిసిపోయింది.

ఎందుకంటే మా యాత్రా పుస్తకం నాకు కంఠతా వచ్చు. దీపావళి దాటాక ఆ గుడి తలుపులు మూసేస్తారు, పూజారులు కొండ దిగిపోతారు, ఊరికి ఊరే ఖాళీ అయిపోతుంది, మళ్ళీ వైశాఖం దాకా స్వామి మంచు కింద ఒంటరిగా ఉంటాడు. మా ఊరివాళ్ళకి ఆ సంగతి తట్టే వీలు కూడా లేదు. మా పక్కూరు నెమలి గుళ్ళో స్వామికి రాత్రి మూసిన తలుపు తెల్లవారితే తెరుస్తారు, మహా అయితే గ్రహణం నాడు కాసేపు మూస్తారు. దేవుడు నెలల తరబడి తలుపు తియ్యడంటే ఎవరు నమ్ముతారు? పెదనాన్న కూడా ఆ ధీమాతోనే చెప్పాడు.

నేను వెంటనే నోరు విప్పలేదు. మాఘంలో సమారాధన పెట్టుకున్నారు, అందాకా రోజూ సాయంత్రం అరుగు దగ్గర పదిమంది చేరగానే, పెదనాన్నా, బదరీ సంగతి ఇంకోసారి చెప్పవా అని ముద్దుగా అడిగేదాన్ని. ఆయన కథ రోజురోజుకీ లావెక్కింది. పూజారి పేరు వచ్చింది, ఆయన పెట్టిన ప్రసాదం రుచి వచ్చింది, గుడి ముందు బారులు తీరిన జనం వచ్చారు. నేను మధ్యమధ్య ఆశ్చర్యపోతూ ఇంకా ఇంకా చెప్పించాను. అంత ఓపిక నాకు మరి దేనికీ ఎప్పుడూ రాలేదు.

సమారాధన నాడు భోజనాలయ్యాక, ఊరి పెద్దలందరూ వింటుండగా యాత్రా పుస్తకం చదవమని పెదనాన్నే నన్ను కూర్చోబెట్టాడు. నేను చదువుతుంటే ఆయన అవునవును, నేను చూశాగా అని తల ఊపుతుండటం ఆయన సరదా. కాశీకి ఊపాడు, ప్రయాగకి ఊపాడు. బదరీ దగ్గరికి వచ్చేసరికి నేను గొంతు పెంచి, తలుపులు మూసే పేజీ తాపీగా, ఒక్క మాట మింగకుండా చదివాను. ఆయన అలవాటు కొద్దీ దానికీ తల ఊపాడు. మా బళ్ళో సోషల్ చెప్పే మాష్టారు, ఏ కల్మషమూ ఎరగని క్రైస్తవుడు, మర్యాదగానే అడిగారు.

"అయితే సార్, తమరు బయలుదేరింది కార్తీకం వెళ్ళాక కదండీ?"

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది ఆయనకి. ఒకాయన కండువా దులుపుకుని లేచాడు, వెనకే ఇంకొకాయన లేచాడు. పెదనాన్న వెంట వెళ్ళిన వర్తకులు నేలచూపులు చూశారు. చేతిలో గరిటెతో గుమ్మంలో నిలబడిన అత్త అన్నగారి మొహంలోకి చాలాసేపు చూసి లోపలికి వెళ్ళిపోయింది. ఆవిడ బాధపడిందేమోననుకున్నాను.

మర్నాడు పొయ్యి రాజలేదు. అత్త స్నానం చేసి, వీధి అరుగు మీద, పెదనాన్న కూర్చునే చోట కూర్చుంది. పెద్దమ్మ అరిచింది, నాన్న బతిమాలాడు, ఆఖరికి పెదనాన్నే వచ్చాడు. అత్త లేవకుండానే చెప్పింది.

"పెద్దన్నయ్యా, నీ కాళ్ళు కడిగిన నీళ్ళతో నాకూ యాత్ర ఫలం వచ్చిందన్నావుగా. యాత్ర చేసినోళ్ళు ఇష్టమైంది వదిలెయ్యాలిగా మరి. ఈ ఇంట్లో నాకిష్టమైంది వంట. వదిలేశాను."

"మరి వంటెవరు చేస్తారే?"

"కాశీ వెళ్ళొచ్చిన వదినుందిగా."

ఆ ఫలం నీకు రాలేదు పొమ్మంటే తను బదరీ వెళ్ళలేదని ఒప్పుకున్నట్టవుతుంది, వచ్చిందంటే వంటిల్లు పోతుంది. పెదనాన్న చెప్పులేసుకుని కొట్టుకి వెళ్ళిపోయాడు. ఆ ఏడంతా పెద్దమ్మ మాడ్చిన పప్పు ఆయన గుటకలు మింగుతుంటే ఎదురుగా కూర్చుని తృప్తిగా చూశాను. అత్తకి కూడా పెద్దమ్మే ఒక్కసారి కంచంలో ఇంత పడేసి వెళ్ళిపోయేది, ఆవిడ అదే తిని లేచేది. వైశాఖం దగ్గరపడుతుండగా పెదనాన్న తగ్గి, ఈసారి నిన్ను తీసుకెళ్తాను లేవే అన్నాడు. "నీతో వస్తే దారి పొడుగునా నీకు వండిపెట్టాలి. అమ్మాయికి ఉద్యోగం రానియ్, దాంతో వెళ్తా" అంది అత్త. ఆ మాట కోసమే నేను టీచరు ట్రైనింగు అయ్యాను, ఎ.కొండూరు బళ్ళో చేరాను, మొదటి వేసవి సెలవుల్లోనే ఆవిణ్ణి రైలెక్కించాను. మా నాన్న అన్నగారికి చెప్పకుండా చేసిన మొదటి పని మమ్మల్ని బెజవాడ స్టేషనుకి తీసుకొచ్చి దింపటం.

బస్సు దారి అయిపోయిన చోటు నుంచి నడిచి వెళ్ళాం. దారంతా గుర్రాల పేడ, ఈగలు, దగ్గులు, ఏ పుస్తకమూ వాటి ఊసెత్తలేదు. కొండ మాత్రం క్యాలెండర్లో ఉన్నట్టే ఉంది. తెరిచిన తలుపుల్లోంచి అత్త స్వామిని చూసింది, దణ్ణం పెట్టింది, మంచుని వేలితో ముట్టుకుంది, బాగుందే అంది. ఇన్నేళ్ళు ఆశపడిన మనిషి ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. కిందికి దిగాక సత్రంలో, మా భాష ముక్క రాని ముసలావిడ ఒకావిడ వేడి రొట్టెలు వడ్డిస్తోంది. అత్త ఒకటి తిని, చాలని చెయ్యి అడ్డం పెట్టింది. ఆ ముసలావిడ ఏదో కసురుకుని, చెయ్యి పక్కకి నెట్టి, ఇంకోటి వేసి దాని మీద ఇంత నెయ్యి పోసి, తినేదాకా అక్కడే నిలబడింది. అత్త ఆ రొట్టె పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. "నాకెవరూ ఇట్టా పెట్టలేదే" అంది.

ఆ తరువాత అత్త చాలాకాలం నా దగ్గరే ఉంది, అక్కడే కన్నుమూసింది. పెదనాన్న కడదాకా నాతో మాట్లాడలేదు, నేనూ పలకరించలేదు. ఇప్పుడు గుడి ఏ రోజు మూస్తారో, ఏ రోజు తెరుస్తారో ఫోన్లోనే తెలిసిపోతుంది, ఎవరు ఎక్కడ నిలబడి ఫోటో దిగారో గంటలో ఊరంతా చూస్తుంది. ఉత్తరం వెళ్ళొచ్చినంత మాత్రాన ఎవరూ ఎవరి కాళ్ళూ కడగటం లేదు, మంచు కాలుతుందా అని అడిగేవాళ్ళూ లేరు. మొదటిదానికి సంతోషమే, రెండోది తలుచుకుంటే మాత్రం ఇల్లంతా బోసిగా అనిపిస్తుంది. ఇంత వయసొచ్చింది, ఇకనైనా ఆయన్ని క్షమించెయ్యక్కా అని మా చెల్లెలు అంటూంటుంది. అంతమందికి కొసరి కొసరి వడ్డించిన మనిషికి ఒక్క రొట్టె కొసరి పెట్టే చెయ్యి కోసం హిమాలయాల దాకా వెళ్ళాల్సొచ్చింది. నేను క్షమించను.