చిత్తూరు కచేరీలో మామగారి పేరు

తిరుపతిలో తెలుగు పండితుడిగా కొలువు కుదిరిన కొత్తలో నేను ఒక నేతపనివారి ఇంట ముందుగది అద్దెకు తీసుకొన్నాను. గోడకు ఆవల గుంటమగ్గం. తెల్లవారుతూనే మొదలయ్యే దాని చప్పుడు భోజనవేళకు గాని ఆగేది కాదు. మొదట్లో అది నా పద్యపఠనానికి అడ్డుతగులుతున్నదని విసుక్కొనేవాణ్ణి. కొన్నాళ్లకు అదే తాళమై, మగ్గం ఆడనిదే నాకు సీసపద్యం గొంతుకెక్కని స్థితి వచ్చింది.

ఆ ఇంట ఉన్నవారు ఇద్దరే. ఏనాడో నగరి నుండి వచ్చి స్థిరపడిన ఒక వితంతువు, ఆమె ఒక్కగానొక్క కొడుకు. ఆమెను నేను పెద్దమ్మా అనేవాణ్ణి. ఆమె నన్ను అయ్యోరా అనేది. బడిపంతులును ఆ సీమలో అలాగే పిలుస్తారు. కొడుకును అబ్బయ్య అనేది. ఆమెను చూచి ఇరుగుపొరుగు వారూ, నూలు ఇచ్చే షావుకారూ, చివరకు నేనూ అబ్బయ్యా అనే పిలిచేవాళ్లం. అది ముద్దుపిలుపన్న ధ్యాస ఎవరికీ లేదు. బడి ముఖం చూడని పిల్లవాడు గనుక అతని పేరు కాగితం మీద వ్రాయవలసిన అవసరం ఎన్నడూ కలగలేదు.

దేశనాయకులను ఒక్కమారుగా చెరసాలలకు పంపిన సంవత్సరం అది. నవరాత్రులు సమీపిస్తుండగా ఒకనాడు అబ్బయ్య నేసిన పంచెలు చంకన పెట్టుకొని బజారుకు వెళ్లి, తిరిగి రాలేదు. మరునాటి ఉదయం తమలపాకుల బండివాడు మా వాకిట ఆగాడు.

"రైలుస్టేషను కాడ వందేమాతరమని కేకలేస్తా ఉన్నోళ్ళనంతా పోలీసులు లారీకెక్కించినారమ్మా. దాంట్లో మీవోడు ఉన్నట్టే ఉండాది. నేను సరిగ్గా సూడలేదు."

"ఉన్నట్టే ఉండాదంటే ఏందప్పా? ఉన్న్యాడా, ల్యాడా?"

అతడు దారిలో విన్నది చెప్పాడు. చంద్రగిరి దాటిన తరువాత ఎవడో కుర్రవాడు పారిపోదామని లారీలోనుండి వాగులోనికి దూకాడట. వాడు బ్రతికినట్లు ఒకరు, బ్రతకనట్లు మరొకరు చెప్పుకొంటున్నారట. ఎవడో మాత్రం తనకు తెలియదట.

నాటినుండి పెద్దమ్మ ప్రార్థన తలక్రిందులయింది. లోకంలో ఏ తల్లి అయినా బిడ్డ ఖైదు కారాదని మొక్కుకొంటుంది. ఈమె మాత్రం తన కొడుకు పేరు పోలీసుల పుస్తకానికి ఎక్కి ఉండాలని దేవునికి ముడుపు కట్టింది. పుస్తకంలో ఉంటే ప్రాణాలతో ఉన్నట్లు; లేకపోతే ఆ వాగు సంగతి నిజమైనట్లు. మగ్గం నిలిచిపోయినా ఆమె రాట్నం నిలువలేదు. నేసేవాడు లేని మగ్గానికి నూలు కండెలు చుట్టి గంపలో పేరుస్తూనే ఉన్నది. ఆ నిశ్శబ్దంలో నాకు పద్యం రాలేదు, పాఠం నడవలేదు.

తిరుపతి పోలీసుస్టేషనుకు ఆమె వెంట నేనే వెళ్లాను. గడపలోనే జవాను అడ్డగించాడు.

"పట్టుకున్నోళ్ళనంతా ఆ పొద్దే చిత్తూరికి తోలినాము. పేర్లన్నీ ఆడ కచేరీలో ఉంటాయి. ఈడ నిలబడి లాభం ల్యా, పోండి పోండి."

ఆ సాయంత్రం నేను అర్జీ వ్రాయడానికి కూర్చున్నాను. దొరతనం వారికి విన్నవించుకోవడమన్నది అంతవరకు కావ్యాలలో చదివిన విషయమే గాని చేసిన పని కాదు. సంబోధన ఒక పుట, ఆ తల్లి దుఃఖం ఒక పుట. చదివి వినిపించగా పెద్దమ్మ శ్రద్ధగా విని, "నాకేమీ అర్థం కాలేదు గానీ చెవికి ఇంపుగా ఉండాది అయ్యోరా" అన్నది. అంతకు మించిన మెచ్చుకోలు నాకు మరెక్కడా దొరకలేదు.

యుద్ధకాలమని పెట్రోలు లేక అప్పట్లో బస్సులు బొగ్గు గ్యాసుతో నడిచేవి. వెనుక కొలిమి వంటి డబ్బా, మధ్యమధ్య దానికి బొగ్గులు ఎగదోసే మనిషి. ఎత్తు వచ్చినప్పుడల్లా మగవాళ్లందరూ దిగి తొయ్యాలి. పెద్దమ్మ ఒడిలో అరిటాకులో కట్టిన చింతపండన్నం ఉన్నది. పాకాల దాటిన తరువాత ప్రక్కనున్న రైతు పలకరించాడు.

"ఎంత దూరమమ్మా?"

"చిత్తూరుకు నాయనా. మా అబ్బయ్య ఖైదులో ఉన్న్యాడో లేదో సూసేకి."

"అయ్యో! ఉండకుండా ఉండాలని మొక్కుకోమ్మా."

"ఉండాలనే మొక్కుకున్న్యా నాయనా."

అతడు నా ముఖం చూచాడు. సంగతి చెప్పాను. తరువాతి ఎత్తులో బస్సు నిలిచినప్పుడు, "మీరు ఆయమ్మ దగ్గర కూసోండి సామీ, మీ వంతు గూడా నేనే తోస్తా" అని దిగిపోయాడు.

కచేరీలో ఖైదీల దాఖలాలు చూచే గుమాస్తా నడివయస్సు మనిషి. నుదుట సన్నని తిరుచూర్ణం, పెదవులకు తాంబూలపు ఎరుపు. నా అర్జీ మొదటి పుట చదివి, రెండవ పుట తిరగవేసి, కళ్లజోడు మీదుగా నన్ను చూచాడు.

"ఏం స్వామీ, ఇది అర్జీనా, దండకమా? సమాసాల నడుమ మనిషి యాడుండాడో వెదకనీకే నాకు పొద్దు గూకేటట్టు ఉండాది."

గుమ్మం దగ్గరి బంట్రోతు కిసుక్కున నవ్వాడు. నేను అబ్బయ్య అన్న చోటు వేలితో చూపించాను.

"ముందే ఒకమాట. అడిగిన పేరు ఉంటే ఉండాదంటా, లేకుంటే లేదంటా. పుస్తకం మీ చేతికిచ్చేదిల్యా, ఉండే పేర్లన్నీ చదివి వినిపించేదిల్యా. మాకు తాకీదు అట్లుండాది." అంటూనే ఆయన పెద్ద పుస్తకం తెరిచి, వేలు క్రిందికి జారుస్తూ పోయాడు. ఆ వేలు జారినంతసేపూ పెద్దమ్మ చూపు దాని కొన మీదనే ఉన్నది.

"అబ్బయ్య అనే పేరు ల్యాదమ్మా."

ఆమె ఉన్నచోటనే చతికిలబడింది. ఒడిలోని పొట్లం జారిపడబోగా నేను పట్టుకొన్నాను. గుమాస్తా పుస్తకం మూయబోయి, ఏమనుకొన్నాడో మూయలేదు.

"ఏడవద్దు తల్లీ. అబ్బయ్య అనేది ముద్దుపేరు గదా. ఉయ్యాల్లో వేసిన పొద్దు పెట్టిన పేరేంది?"

ఆమె తల వంచుకొన్నది.

"పోనీ, వాళ్ల నాయన పేరు?"

దానికీ పలుకు లేదు. నాకు ఆశ్చర్యం కలిగింది. వంగి అడిగితే, పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని చెవిలో చెప్పినట్లుగా అన్నది: "నా బిడ్డకు మా మామ పేరు పెట్టినారు అయ్యోరా. అది నేనెట్ల చెప్పేది? రెండోది వాళ్ళ నాయన పేరు. అది గూడా చెప్పేది కాదు గదా."

అప్పుడు బోధపడింది. మన ఇండ్లలో మనుమడికి తాత పేరు పెట్టడం ఆచారం. కోడలు మామగారి పేరు నోట పలుకకపోవడమూ ఆచారమే. ఈ రెండింటి నడుమ చిక్కిన ప్రతి తల్లీ కొడుకును వేరొక పిలుపుతో పిలుచుకొంటుంది. గుడిలో అర్చన చేయించినా ఈమె గోత్రమూ నక్షత్రమూ చెప్పి ఊరకొనేది. అబ్బయ్యకు ఆ పేరున్నదన్న సంగతి అబ్బయ్యకే గుర్తుండదని, పోలీసులు అడిగినా అబ్బయ్య అనే చెప్పి ఉంటాడని ఆమె నమ్మకం.

"రెండు వాకిళ్లూ మూసుకున్న్యాయి సార్" అన్నాడు బంట్రోతు.

"నువ్వు నోరు మూసుకోరా" అని, గుమాస్తా ఆమె వైపు తిరిగాడు. "మా ఇంట్లోనూ ఇంతేనమ్మా. సైగ చెయ్యి, నేను పట్టుకుంటా. శివుడి పేరా?"

ఆమె కాదన్నట్లు తల ఊపింది.

"కొండమీది స్వామి పేరా?"

అవునన్నట్లు ఊపింది. గుమాస్తా నుదురు కొట్టుకొన్నాడు.

"తిరుపతిలో పట్టుకున్నోళ్ళల్లో సగంమంది ఆ స్వామి పేరు పెట్టుకున్నోళ్ళే గదమ్మా! పేరు తలా ఒక రకంగా ఉండాది, మగ్గం నేసేవాళ్ళు గూడా శానామంది ఉండారు. గుడ్డిగా ఒకరిని చూపించి, వాడు మీవాడు కాకపోతే? జైలుకు అంతదూరం పోయి ఇంకెవరి బిడ్డనో చూసి వస్తావు. రేపటినుంచి నవరాత్రులకు కచేరీ సెలవు. ఈ లోపల వీళ్లను ఇంకొక జైలుకు మారుస్తారని గూడా అనుకుంటా ఉండారు."

బిడ్డ ప్రాణాలతో ఉన్నాడో లేదో తెలిసే తావు ఆమెకు చేరెడు దూరంలో ఉన్నది. నడుమ ఒక్క పేరు అడ్డం.

పెద్దమ్మ నాతోనే అయినా అందరికీ వినబడేలా చెప్పసాగింది.

"నేను కాపురానికొచ్చేతలికి చిన్నపిల్లని. తెగిన దారం ఎట్ల అతికేదో మామే నేర్పించినాడు. ఒక్క పొద్దు గూడా కసరలేదు. అబ్బయ్యను ఉయ్యాల్లో వేసినపొద్దు నవ్వుతా అన్న్యాడు, 'ఏమ్మాయ్, నా పేరే వీడికి పెట్టిస్తా ఉండా. ఇంక నువ్వు నన్ను పేరుపెట్టి పిలవక యాడికి పోతావో సూస్తా' అని. 'నేను పిలస్తానా మామా? నా ప్రాణం పోయినా పిలవను' అన్న్యా. ఆ పొద్దునుంచే వీడు అబ్బయ్య. ఆయన పోయేదాకా నన్ను అడగతానే ఉండె, 'ఇంకా ఓడిపోలేదా అమ్మాయ్' అని."

గుమాస్తా తాంబూలం నమలడం మాని వింటున్నాడు.

ఆమె లేచి నిలబడింది. కొంగు భుజాల నిండా కప్పుకొన్నది. మా అందరికీ వీపు త్రిప్పి, కిటికీలోనుండి ఎండ పడుతున్న గోడవైపు చేతులు జోడించి, "మామా, తప్పుగా అనుకోవద్దు" అన్నది. ఆపైన ఆ పేరు పలికింది.

గాలి కదిలినంత చప్పుడు. ప్రక్కగదిలో టైపు మిషను టకటకలలో అది మునిగిపోయింది.

"ఇంకొకసారి తల్లీ" అన్నాడు గుమాస్తా. ఆ గొంతులో ఇందాకటి వేళాకోళం లేదు.

రెండవసారి ఆమె గోడవైపు తిరుగలేదు. పుస్తకంవైపే చూస్తూ, వీధి చివర ఆడుకొనే పిల్లవాణ్ణి చీకటి పడకముందే ఇంటికి పిలిచే తల్లిలాగ, నోరారా పిలిచింది. వరండాలోని వారందరూ తలలు త్రిప్పారు. టైపు మిషను ఆగింది.

గుమాస్తా వేలు పుటల మీద పరుగెత్తింది. ఒకచోట నిలిచింది.

"ఉండాడు! ఇదిగో, నువ్వు చెప్పిన పేరే, తు చ తప్పకుండా. వృత్తి మగ్గం. ఊరు తిరుపతి. తండ్రి పేరు..." అని ఆగి, ఆమె ముఖం చూచి, ఆ పేరు తానే చదివాడు. "ఔనా?"

ఔనని తల ఊపింది. కన్నీళ్లతోపాటే నవ్వు వచ్చింది ఆమెకు.

"సూడండి అయ్యోరా వాడి పని! నేను ఇన్నాళ్లు దాసిపెట్టుకున్న పేర్లు రెండూ పోలీసోళ్ళ ముందర గడగడా చెప్పేసినాడు!"

వేలూరు జైలులో ఉన్నాడని గుమాస్తా చెప్పాడు. "తిన్న్యాడంటనా?" అని ఆమె అడిగితే, "అది దీంట్లో రాయరమ్మా" అన్నాడు. అంతటితో ఊరకొనలేక, "పెడతారులే, కడుపుకు పెడతారు" అని కలిపాడు. ములాఖత్తుకు కావలసిన అర్జీ ఆయనే వ్రాశాడు. మూడు వాక్యాలు కూడా లేవు. నన్ను చూచి, "దీన్ని చూసి నేర్చుకో స్వామీ" అన్నాడు. వేలూరుకు మోసుకుపోలేనిది గనుక చింతపండన్నం పొట్లం పెద్దమ్మ ఆయన బల్లమీద పెట్టింది. ఆయన కాదనలేదు, బంట్రోతుకు కూడా పంచిపెట్టాడు.

తిరుగు ప్రయాణంలో ఆమె కిటికీ దగ్గర కూర్చుని, పెదవులు మాత్రం కదిలిస్తూ ఏదో అనుకొంటున్నది. దేవుణ్ణి తలచుకొంటున్నదని మాట్లాడించలేదు. చంద్రగిరి వాగు మీదుగా బస్సు పోతున్నప్పుడు ఆ ఇసుకవైపు ఒకమారు చూచి, "మామ గెలిచినాడు అయ్యోరా" అన్నది. "పోనీలే. ఆయన పేరే బిడ్డను సూపించింది."

సెలవులు ముగిశాక వేలూరు వెళ్లాము. జైలు వాకిట జవాను ఎవరికోసమని అడిగితే, తడుముకోకుండా ఆ పేరు చెప్పింది. లోపల వరుసగా దానిని మరొకరూ మరొకరూ అరచి పిలిచారు. కటకటాల వెనుకకు అబ్బయ్య వచ్చాడు. చిక్కిపోయాడు, గడ్డం మాసింది. తల్లిని చూచీ చూడకముందే నవ్వాడు.

"అమ్మా, తాత పేరు చెప్పి పిలిపించినావంటనే!"

"నువ్వు అబ్బయ్య అని చెప్పింటే నాకీ పాట్లు ఉంటాయేంట్రా?"

"దొర ముందర నిలబడినప్పుడు అబ్బయ్య అని చెప్పేకి సిగ్గేసింది. తాత పేరైతే గట్టిగా ఉండాదనిపించింది."

ఆమె ఇనుపకమ్మీల నడుమ చేయి పెట్టి అతని గడ్డం పట్టుకొన్నది. తరువాత వారు మాట్లాడుకొన్నవన్నీ నూలు మాటలే. ఎన్ని కండెలు చుట్టి ఉంచిందో, మగ్గం మీది పడుగు ఎలుకలు కొరకకుండా ఎలా కప్పిందో చెప్పింది.

తరువాతి ఏడు వేసవిలో అతడు విడుదలై వచ్చాడు. మరునాటి ఉదయం నేను పద్యం చదువుకొంటుండగా గోడకు ఆవల మగ్గం మొదలైంది. కొంతసేపటికి పెరట్లోనుండి పెద్దమ్మ కేక వినిపించింది.

"అబ్బయ్యా! కూడు సల్లారిపోతా ఉండాది, లేసి రా!"

మగ్గం ఆగింది. చిత్తూరులోనూ వేలూరులోనూ తప్ప ఆ మామగారి పేరు ఆమె నోట నేను మళ్లీ వినలేదు. అందువల్లనే ఇక్కడ నేనూ వ్రాయలేదు.