అడిగే ఎడిటరు, అడగని ఎడిటరు

ప్రెస్సక్కకి అసలు పేరంటూ ఒకటి ఉండేది గానీ, ఆ పేరుతో పిలిస్తే ఆవిడే పలికేది కాదు. ఒకే ప్రింటింగ్ ప్రెస్సులో కంప్యూటర్ ముందు కూర్చుని జుట్టు నెరిసిపోయిన మనిషి. పెళ్ళి కార్డులు, కరపత్రాలు, మందుల డబ్బాల్లో మడిచి పెట్టే కాగితాలు, అన్నీ ఆవిడ వేళ్ళకింద నుంచి వచ్చినవే. మొగుడిదీ అదే ప్రెస్సు, పక్క కుర్చీ. పని నేర్పింది ఆయనే. నేర్పుతూ నేర్పుతూ మనసు పారేసుకున్నాడని, తప్పులు దిద్దడంలో అంత దిట్ట ఈ ఒక్క తప్పూ దిద్దుకోలేకపోయాడని ప్రెస్సులో అందరూ ఏడిపించేవారు.

ఆయనకో పిచ్చి ఉండేది. కంప్యూటర్లో రాయడానికి ఎడిటరనే ఒక చిన్న ప్రోగ్రాము తప్ప మరోటి ముట్టేవాడు కాదు. తెరిస్తే తెల్ల పేజీ, మిణుకుమిణుకుమనే గీత, అంతే. ఫోటోలు, ఉత్తరాలు, కేలండరు అన్నీ ఒకేచోట పోగేసి, రాసుకునే చోటు కూడా అందులోనే ఇరికించే కొత్త రకాలంటే ఆయనకి ఒళ్ళు మంట.

"అది ఉమ్మడి కాపురమోయ్," అనేవాడు. "ఏ గదికీ గొళ్ళెం ఉండదు. నువ్వు ఊఁ అనకముందే నీ మాట ఇల్లంతా పాకిపోతుంది. నాది వేరు కాపురం. నేను చెప్పేదాకా ఏదీ దాచదు, పోయేముందు ఉంచాలా వద్దా అని అడిగి మరీ పోతుంది. మర్యాద తెలిసింది."

"ఆఁ, మర్యాదే! మొన్న కరెంటు పోతే మీ మర్యాదస్తురాలు మధ్యాహ్నమంతా కొట్టిన మేటరు మింగేసింది. ఉమ్మడి కాపురమైతే ఎవరో ఒకరు ఎత్తిపెట్టేవారు," అంది ప్రెస్సక్క.

"మింగితే మింగింది, అడక్కుండా చెయ్యి మాత్రం పెట్టలేదు గదా!"

ఇద్దరిలో ఎవరిదీ అబద్ధం కాదు. కానీ ఆవిడ చేతికి మాత్రం ఆయన అలవాటే పట్టింది. పెద్ద మేటరు తెచ్చి చిన్న కార్డు చెయ్యమని ఎవరొచ్చినా పద్ధతి ఒకటే: అసలు ఫైలు తెరువు, అక్కర్లేనిదంతా అడ్డంగా కోసెయ్యి, మిగిలింది ప్రింటు తీసుకో, మూసేటప్పుడు ఉంచాలా అని అడిగితే వద్దను. అసలుది చెక్కు చెదరదు. మొదట్లో కొయ్యడానికి ఆవిడ జంకితే ఆయన నవ్వేవాడు. "భయపడకోయ్, వద్దు అనే మాట ఉన్నంతకాలం ఏదీ పోదు." ఆ ధైర్యంతోనే ఆవిడ ఉద్యోగమంతా నెట్టుకొచ్చింది.

ఆ తర్వాత ఆయన గొంతులో పుండు లేచింది. ఆపరేషన్ చేసి ప్రాణం నిలబెట్టారు గానీ గొంతు తీసుకుపోయారు. వాగుడుకాయని మూగవాణ్ణి చేశాడు దేవుడు, ఏం పోయేకాలం వచ్చిందో! మంచం పక్కన పాత కంప్యూటర్ పెట్టింది ప్రెస్సక్క. ఆయన అందులో మాట్లాడేవాడు. ఒకటే ఫైలు, ఒక మాట కింద ఇంకో మాట.

ఏం మాటలనుకున్నారు? కాఫీలో చక్కెర దండిగా వెయ్యి, డాక్టరు చూడట్లేదు. పక్కింటి కుక్క నాకంటే బాగా మాట్లాడుతోందోయ్. ఎందుకలా కళ్ళు తుడుచుకుంటావు, ఉల్లిపాయలు రేపు తరుగుదువులే. ఆవిడ చదివి అక్కడికక్కడే జవాబు చెప్పేది. కొన్నాళ్ళకి ఆ ఇంట్లో మళ్ళీ పోట్లాటలు కూడా మొదలయ్యాయి, అంటే కాపురం కుదుటపడిందన్నమాట. ఏడాదిపైన అలా గడిచింది. ఆపైన ఆయన వేళ్ళు కూడా ఆగిపోయాయి.

పోయాక ఆ ఫైలు తెరవడానికి ఆవిడకి గుండె చాల్లేదు. తెరిస్తే తట్టుకోలేదు, తెరవకపోతే తోచదు. "అన్నీ అందులో ఉన్నాయిగా, ఎక్కడికి పోతాయి? తీరిగ్గా మొదట్నుంచీ చదువుకుంటాను," అనుకుని రోజులు నెట్టేది. ఆవిడ బతుక్కి దాచుకున్న సొమ్మంటూ ఉంటే అదొక్కటే.

ఇంతలో పాత కంప్యూటర్ గరగరమని మొరాయించింది. ప్రెస్సులో మిషన్లు చూసే మెకానిక్ వచ్చి, చచ్చీ చెడీ ఆ ఒక్క ఫైలూ బయటికి లాగి కొత్త కంప్యూటర్లో వేశాడు. "పాత డిస్కు ఇంక లేవదక్కా. రాసుకునే ఎడిటరు కూడా ఇందులోనే ఉంది, వేరే ఏమీ వేసుకోనక్కర్లేదు," అన్నాడు. సరేనంది పాపం. ఫైలు వచ్చిందన్న సంతోషంలో ఇంకేదీ చెవికెక్కలేదు.

ఒక ఆదివారం పొద్దున ఆడపడుచు ఫోన్ చేసింది. ఆయన తర్వాత చాలా ఏళ్ళకి పుట్టిన ఒక్కతే చెల్లెలు. అన్న మాట పోయాక ఫోన్లో పలకరించే దారి లేదు, పురిటి మంచం మీద ఉండి ఆఖరిచూపుకీ రాలేకపోయింది.

"వదినా, అన్నయ్య నా గురించి ఎప్పుడైనా ఏమైనా అన్నాడా?"

"అనకేం, బోలెడు. ఉండు, పంపిస్తాను."

అప్పుడు తెరిచింది ఫైలు. పైనున్న నాలుగు మాటలు చూసి, గబుక్కున కిందికి జరిపేసింది. చదువుతూ కూర్చుంటే ఈ పని ఇవాళ్టికి తెమలదనుకుంది. చెల్లెలి మాట వచ్చిన చోటల్లా ఉంచి, మిగతాదంతా కళ్ళు ఆనించకుండా కోసుకుంటూ పోయింది. ఎన్నేళ్ళ చెయ్యి అది! కాఫీ పోయింది, కుక్క పోయింది, ఉల్లిపాయలు పోయాయి. అరపేజీ మిగిలింది. దాన్ని ఆడపడుచుకి పంపించి, మూసేసింది. మూస్తున్నప్పుడు వద్దు అనడానికి వేలు సిద్ధంగానే ఉంది. తెరమీది కిటికీ ఏమీ అడక్కుండా మాయమైంది.

"అడగలేదేమిటీ?" అనుకుంది. కొత్తది గదా, దాని తీరు దానిదేమోలే అని కంప్యూటర్ ఆపేసి వంటింట్లోకి వెళ్ళింది.

అన్నం తిన్నాక, పొద్దున చూసిన ఆ నాలుగు మాటలూ లాగుతుంటే, ఇవాళ ఏమైతే అదైంది, చదివేద్దామని వచ్చి కూర్చుంది. తెరిస్తే అరపేజీ! కిందికి జరిపింది. కింద ఏమీ లేదు. మూసి మళ్ళీ తెరిచింది. అదే అరపేజీ. మెకానిక్‌కి ఫోన్ చేసింది.

మెకానిక్ పరుగున వచ్చి సాయంత్రందాకా తంటాలు పడ్డాడు. చివరికి కుర్చీ వెనక్కి జరిపి తల వంచుకున్నాడు. "ఇందులో కొట్టింది కొట్టినట్టే దాచుకుంటుందక్కా, కోసింది కోసినట్టే. వద్దనే మాటే లేదు దీనికి. కిటికీ మూయకముందు పిలిచుంటే వెనక్కి తెచ్చేవాణ్ణి. ముందే చెప్పాల్సింది, నాదే తప్పు."

"నీ తప్పేముంది నాయనా? నా చేత్తో నేనే చేసుకున్నాను," అంది ప్రెస్సక్క. అంతవరకూ బిగబట్టుకున్నది, అతను గడప దాటగానే బావురుమంది. మనిషిని మట్టికి అప్పగించిన రోజున కూడా అంతలా ఏడవలేదు. ఆ రోజు ఇంటికొస్తే మాటలైనా ఉన్నాయి.

గుర్తున్నంతవరకైనా కొట్టి పెట్టుకుందామని మర్నాడు కూర్చుంది. ఎంత తవ్వుకున్నా తన జవాబులే తడుతున్నాయి. చాల్లెండి మీ వేళాకోళం. నేనెక్కడికీ పోను, ఇక్కడే ఉన్నాను. అలాగే, అలాగే చేస్తాను, మీరు కళ్ళు మూసుకోండి. ఏం చెయ్యమన్నాడు? దేనికి అలాగే అంది? తల బాదుకున్నా రాదే! నోటితో అన్నవి నిలిచాయి, కంటితో చదివినవి జారిపోయాయి.

అప్పుడే ఫోన్ మోగింది. ఆడపడుచు. ఏడుస్తోంది, ఏడుస్తూనే నవ్వుతోంది.

"వదినా, రాత్రంతా చదువుకుంటూనే ఉన్నాను. నా కోపం ముక్కుమీదే ఉంటుందట, అయినా నాలాంటి పిల్ల ఇంకొకతి పుట్టదట. చూశావా మా అన్నయ్య! నాకీ అరపేజీ చాలు వదినా, ఈ జన్మకి చాలు. నీకేం, అదృష్టవంతురాలివి. అంతా నీ దగ్గరే ఉంది."

ఫైలు పోయిన సంగతి ప్రెస్సక్క నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే ఆ పిల్ల తనవల్లే పోయిందని కుమిలిపోతుంది. అరపేజీ సంబరం కూడా దక్కదు.

"ఉందమ్మా. నా దగ్గరే ఉంది," అంది. "ఏదీ, నీకు పంపినవి ఒకసారి చదువు. నీ నోట వింటాను."

ఆ పిల్ల చదివింది. అందులో ప్రెస్సక్క కోసం అన్న మాట ఒక్కటీ లేదు. అయిపోయాక ప్రెస్సక్క చెంగుతో ముఖం తుడుచుకుని, ఫోన్ రెండో చెవికి మార్చి, ఇంకోసారి చదవమంది.