పదకొండు ఇళ్ల మనిషి

అరవై తొమ్మిదో సంవత్సరం గురించి అడిగితే మా వయసువాళ్లంతా ఊరేగింపులు, లాఠీలు, మూతపడ్డ కాలేజీలు చెప్తారు. నాకు మాత్రం ముందు జ్ఞాపకం వచ్చేది ఒక ఫారం. నాలుగు పేజీలు, అరవై రెండు ప్రశ్నలు. వాటిలో ఏడో ప్రశ్న నా ఉద్యోగాన్ని తినేసింది. ఇన్నేళ్లయ్యాక ఎవరి మీదా కోపం లేదు. కోపానికి కూడా ఓపిక కావాలి కదా. (ఓపిక ఉన్న రోజుల్లో కోపం తెచ్చుకోవడం తోచలేదు, అది వేరే లెక్క.)

అప్పటికి నాకు ఇరవై రెండు నిండి మూడు నెలలు. జనగామ నుంచి వెళ్లి విశ్వవిద్యాలయంలో సమాజశాస్త్రం ఎం.ఏ. పూర్తి చేసి, అదే శాఖలో తాత్కాలిక పరిశోధన సహాయకురాలిగా చేరాను. శాఖ అంటే రెండు గదులు, మూడు బీరువాలు, ఒక ఆచార్యులవారు. తాత్కాలికులం ఇద్దరం, ఖాయమయ్యే ఉద్యోగం ఒకటి. రెండో అతను నా సహాధ్యాయి. ప్రతి మాటకూ "పక్కా" అనేవాడు కనుక పక్కా అన్న అని పిలిచేవాళ్లం. ఇద్దరం తలా ఒక పల్లె సర్వే చేసి రావాలి, ఎవరి ఫారాలు బాగుంటే ఉద్యోగం వాళ్లది. అతనికి భూపాలపల్లి వైపు ఒక అడవి పల్లె, నాకు మానుకోట అవతల గూడూరు దగ్గర ఒక లంబాడీ తండా వచ్చాయి. ఆచార్యులవారిది కోస్తా, మనిషి చెడ్డవారు కారు. "ఏడో ప్రశ్న, ఇంట్లో ఎంతమంది అన్నది, అక్కడ నియమం తప్పకమ్మా. చుట్టమా, రక్తసంబంధమా అని అడగొద్దు. ముందురోజు రాత్రి ఒక పొయ్యి మీద వండింది ఎంతమంది తిన్నారో అంతమందీ ఆ ఇంటి మనుషులే" అన్నారు. నేను ఆ మాటను నోటుబుక్కులో రాసుకొని కింద రెండు గీతలు గీశాను. గీతలు గీసే అలవాటు నన్ను జీవితంలో చాలాసార్లు ముంచింది.

రెండు రోజుల పని అనుకొని వెళ్లాను. మర్నాడే బంద్ మొదలై బస్సులు ఆగిపోయాయి. మొత్తం పదకొండు రాత్రులు తండాలో ఉండిపోయాను. తండా నాయక్ తల్లిని అందరూ యాడి అనేవారు, వాళ్ల భాషలో అమ్మ అని. "పిల్ల ఒక్కింట్లనే తింటే మిగిలినోళ్లకు నామోషి. దినానికొక ఇల్లు" అని ఆమే తీర్పు చెప్పింది. అలా పదకొండు ఇళ్లలో జొన్నరొట్టె తిన్నాను, తిన్న మర్నాడు పొద్దున ఆ ఇంటి ఫారం నింపాను. (మిగతా ఇళ్లవి మధ్యాహ్నాలు.) మొదటిది యాడి ఇల్లు. పేర్లు రాయకూడదని మరో నియమం కనుక, వరుస సంఖ్యలు వేసి తొమ్మిది మంది వివరాలు రాసి, వేలిముద్ర వేయమన్నాను.

"ఎంతమందిని రాసినవ్ బిడ్డా?"

"తొమ్మిది మందిని."

"రాత్రి మా రొట్టె పది మంది తిన్నరు. నువ్వేమన్న గాలి తిన్నవా?"

"నేను చుట్టపుచూపుగ వచ్చినదాన్ని గద యాడీ. లెక్కల రాను."

"చుట్టమా కాదా అని అడగొద్దన్నడు మా సారు అని నిన్న నువ్వే చెప్పినవు. మల్ల గిదేంది? మా రొట్టె తిని మా లెక్కల ఉండనంటే నేను ముద్ర ఎయ్య."

నోటుబుక్కు తీసి చూశాను. రెండు గీతల పైనున్న వాక్యం ఆమె పక్షానే ఉంది. పదో వరుసలో రాసుకున్నాను: స్త్రీ, 22, అవివాహిత, ఎం.ఏ. సాయంత్రానికి సంగతి తండా అంతా తెలిసింది. రెండో ఇంటి ఇల్లాలు నేను అడగకముందే, "మమ్మల్ని తక్కువ జెయ్యకు. మాది రొట్టె కాదా?" అన్నది. ఆ తర్వాత నేను వాదించడం మానేశాను.

ముప్పై ఎనిమిది ఫారాలు తెచ్చి ఇచ్చాను. జరిగింది వివరిద్దామంటే ఫారంలో జాగా లేదు, ఆచార్యులవారికి తీరిక లేదు. ఇరవై రోజుల తర్వాత ఆయనే పిలిచారు. ముఖం వెలిగిపోతోంది.

"ఒక్క తండాలో పదకొండు మంది ఎం.ఏ. చదివిన ఆడపిల్లలు. దేశంలో ఎవరి కంటా పడలేదు చూడు. వచ్చే వారం సదస్సులో చదువుతున్నాను. ఉద్యోగం నీదే అనుకో."

వరండాలోకి వచ్చి నిలబడ్డాను. పక్కా అన్న అక్కడే ఉన్నాడు. విషయం చెప్పాను.

"నోర్మూసుకోని ఉండు. ఉద్యోగం పక్కా" అన్నాడు. "నేనేం చేసిననుకున్నవ్? బంద్ల బస్సు ముందుకు పోలేదు. దిగిన కాడ చాయ్ హోటల్ల కూసోని నలభై ఇండ్లు నింపిన. ఒక్క తప్పు లేదు."

"మనుషులు లేకుండ ఎట్ల నింపినవన్నా?"

"మా ఊరోళ్లను తలుసుకున్న. కుటుంబం ఏడున్నా కుటుంబమే గద."

అతని మాట వినాలనిపించింది. (నిజం చెప్పాలంటే పావుగంట సేపు విన్నాను కూడా.) తర్వాత లోపలికి వెళ్లాను.

"సార్, ఆ పదకొండు మంది ఒక్కరే. నేనే."

ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. నా నోటుబుక్కు చూపించాను. కళ్లద్దాలు మళ్లీ పెట్టుకొని చదివి, "ఒక్క తప్పు కూడా చేయకుండా ఇంత తప్పు ఎలా చేశావమ్మా" అన్నారు. తిట్టలేదు. అలసిపోయినట్టు ఎర్ర పెన్సిలు నా వైపు తోశారు. "ఒక మనిషి ఒక్క ఇంట్లోనే ఉండాలి. పది కొట్టెయ్."

"పదకొండూ కొట్టేయాలేమో సార్. నేను అక్కడి మనిషిని కాదు."

"మరి ఆ రాత్రుళ్లు ఇంకెక్కడైనా తిన్నావా?"

ఆ రోజుల్లో హాస్టలు మూసేసి ఉంది. జనగామలో మా అమ్మ నా పళ్లెం పెట్టలేదు. "లేదు సార్" అన్నాను.

"అయితే ఒకటి ఉండాలి. నియమం" అన్నారు.

యాడి ఇల్లు ఉంచి పది కొట్టేశాను. ఆయన సదస్సుకు వెళ్లలేదు. ఉద్యోగం పక్కా అన్నకు వచ్చింది. శాఖాధిపతిగా రిటైరయ్యాడు. అతని భూపాలపల్లి ఫారాలను కొత్తవాళ్లకు నమూనాగా చూపించేవారట. నేను జనగామ బడిలో ముప్పై నాలుగేళ్ల రెండు నెలలు పాఠాలు చెప్పాను.

శాఖ అచ్చువేసిన నివేదిక ప్రతి ఒకటి నా దగ్గర ఉంది. ఆ తండా పట్టికలో ఎం.ఏ. చదివిన స్త్రీలు: 1. అది తప్పని శాఖకు రాద్దామని రెండుసార్లు కాగితం ముందు కూర్చున్నాను. ఎదుటివాళ్ల తప్పు అంకె చూస్తే ఊరుకోలేని దాన్ని, ఇంట్లో పాల చీటీ కూడా దిద్దుతాను. కానీ ఆ ఒకటి తప్పని రుజువు చేయాలంటే ఆమె ఇంకెక్కడో ఉన్నట్టు చూపించాలి. ఆ ఇరవై రెండేళ్ల పిల్ల ఆ పట్టికలో తప్ప ఇంకెక్కడ ఉందని చూపించను?