నాలుగు వందల ఇళ్ల లెక్క: షామ్‌బర్గ్ నుంచి ఒక మ్యూజియానికి

2013 ఆగస్టు 17, శనివారం, షామ్‌బర్గ్.

మొన్న బుధవారం చూసివచ్చిన మ్యూజియం గురించి ఈరోజు రాస్తున్నాను. ఎక్కడికి వెళ్లివచ్చినా మరునాడు ఉదయం కాఫీ తాగి రాసేయడం నాకు అలవాటు. ఈసారి మూడు రోజులు పట్టింది. రేపు ఆదివారం మా ఇంట్లో ఒక నిర్ణయం జరగాలి, అందుకని అంతకు ముందే ఇది రాసి ముగించాలనుకున్నాను. పిల్లలతో అటువైపు వెళ్లదలచిన వారికి దారి, సమయం, ఖర్చు అన్నీ ఇందులో ఉన్నాయి. నా ఇంటి సంగతి అక్కర్లేని వారు ఆ వాక్యాలు మటుకు ఏరుకుని చదువుకోవచ్చు.

నేను తెనాలిలో ఆడపిల్లల హైస్కూల్లో ముప్పై నాలుగేళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఇక్కడ మా అమ్మాయి సుజాత, అల్లుడు రవి ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. మే నెలలో వచ్చాను, అక్టోబరు తొమ్మిదిన తిరుగు ప్రయాణం. మనవరాలు హారికకు పద్నాలుగేళ్లు. మనవడు కార్తీక్‌కు తొమ్మిది. వాడికి ఆటిజం. మాటలు పట్టుమని ఇరవై కూడా రావు, రోజంతా సన్నగా ఏదో ఒక రాగం తీస్తుంటాడు. వారానికి మూడు రోజులు ఒక అమ్మాయి ఇంటికి వచ్చి వాడికి థెరపీ చేయిస్తుంది.

నా నోట్‌బుక్కులో 43వ పేజీ గురించి ఇక్కడే చెప్పాలి. వచ్చింది మొదలు ఈ ఇంటి ఖర్చులు నేను రాస్తున్నాను. ఇన్సూరెన్స్ పోగా కార్తీక్ థెరపీకి చేతినుంచి పడేది నెలకు 640 డాలర్లు. ఏడాదికి 7,680. ఇంకో ఎనిమిదేళ్లకు 61,440. ఆ సొమ్ముతో హారిక కాలేజీ చదువు ఎన్నాళ్లు నడుస్తుంది, వాడిని గుంటూరు దగ్గర అలాంటి పిల్లలకున్న హాస్టల్లో చేరిస్తే ఎంత మిగులుతుంది, ఇదీ ఆ పేజీలోని లెక్క. సుజాత నిద్రలేక సగమైపోయింది. దాన్ని అలా చూడలేకే ఆ లెక్క వేశాను. సోమవారం వంటింట్లో దానికి చదివి వినిపించాను. అది కుక్కర్ మూత చేత్తో పట్టుకుని చివరిదాకా విని, "ఆదివారం ఆయన వస్తారుగా, అప్పుడు మాట్లాడుకుందాం అమ్మా" అంది. హాస్టల్లో సీటు కావాలంటే ఇరవయ్యో తేదీలోగా డిపాజిట్ కట్టాలి.

ఇక ప్రయాణం. హారిక హైస్కూల్లో చేరబోతోంది. జర్మనీలో నాజీలు పన్నెండేళ్లు ఎలా పాలించారో చూపించే మ్యూజియానికి వెళ్లి రెండు పేజీలు రాసుకురమ్మని బడివాళ్లు సెలవుల పని ఇచ్చారు. అది షికాగోకు ఉత్తరాన ఇంకో శివారు ఊళ్లో ఉంది. ఇక్కడినుంచి ఇరవై మైళ్లకు కాస్త ఎక్కువ. సుజాతకు ఆఫీసులో పని, రవి ఉద్యోగం పనిమీద వేరే ఊరు వెళ్లాడు. అందుకని టాక్సీ మాట్లాడాం. కార్తీక్ వేసవి క్యాంపు ముగిసిపోవడంతో వాడినీ తీసుకువెళ్లక తప్పలేదు. మౌనంగా ఉండవలసిన చోటికి రాగాలు తీసే పిల్లవాడేమిటని నేను సణిగాను. హారిక వినిపించుకోలేదు.

తొమ్మిదిన్నరకు రమ్మంటే టాక్సీ తొమ్మిదీ ఇరవైకే వచ్చింది. డ్రైవరు యూసుఫ్‌ది నిజామాబాద్, పదకొండేళ్లుగా ఇక్కడ బండి నడుపుతున్నాడు. నేను నోట్‌బుక్కు తీసి బయల్దేరిన సమయం, మీటరు అంకె రాసుకోవడం అద్దంలో చూశాడు.

"రాసుకోండ్రి అమ్మా, మంచిదే. మా ఇంటామె గూడ గింత లెక్క అడుగది."

"అడగకపోతే నువ్వే చెప్పాలి నాయనా" అన్నాను.

"చెప్తే ఇంట్ల ఉండనిస్తదా?" అని నవ్వాడు. హారిక కూడా నవ్వింది. హైవే మీద రద్దీ తగ్గాక వెళ్లాం కాబట్టి నలభై నిమిషాలే పట్టింది. మీటరు 52 డాలర్లు, పైన ఆరు ఇచ్చాను. రెండున్నరకు వచ్చి తీసుకుపోతానన్నాడు. టిక్కెట్లు నాకు ఎనిమిది, హారికకు ఎనిమిది, కార్తీక్‌కు ఆరు, మొత్తం 22. లోపలికి వెళ్లేవారు బట్టలకు అంటించుకోవాలని తలా ఒక స్టిక్కర్ ఇచ్చారు. కార్తీక్‌కు ఒంటిమీద చీటీ ఉంటే పడదు, చొక్కా మెడ దగ్గరి గుడ్డముక్క కూడా కత్తిరించాలి. వాడు తనది పీకి నా చీర కొంగుకు అంటించాడు. రోజంతా నేను రెండు స్టిక్కర్లతో తిరిగాను.

పదిన్నరకు మమ్మల్ని పదిమందితో కలిపి ఒక వలంటీరుకు అప్పగించారు. ఎనభై నాలుగేళ్ల పెద్దావిడ. జర్మనీలో ఒక చిన్న ఊళ్లో యూదుల ఇంట పుట్టి, ప్రాణాలతో బయటపడి ఈ దేశం వచ్చినవారు. చేతికర్ర ఉంది కానీ దానిమీద ఆనుకోరు, గోడమీది బొమ్మలు చూపడానికి వాడతారు. కార్తీక్ రాగం మొదలుపెట్టగానే నేను వాడి నోటిమీద చెయ్యి పెట్టబోయాను. ఆవిడ ఆగి, వద్దన్నారు. తాను ముప్పై ఏళ్లు చిన్నపిల్లల బడిలో పనిచేశానని, ఆ లెక్కన ఇవాళ వచ్చినవాళ్లు చాలా నెమ్మదస్తులని అన్నారు. నేను అన్నేళ్లు బడిలో ఉండి కూడా అలాంటి మాట ఎప్పుడూ అనలేదు.

నాజీలంటే తుపాకులు, కేకలు అనుకునే వెళ్లాను. అవీ ఉన్నాయి. కానీ మొదటి నాలుగు గదుల్లో నేను చూసింది కాగితాలు. 1933లో యూదులను ప్రభుత్వోద్యోగాల నుంచి తీసేసే చట్టం. 1935లో ఎవరు యూదులో తాతముత్తాతలను బట్టి తేల్చే చట్టం, దానికొక పటం, పటంలో తెల్ల సున్నలు, నల్ల సున్నలు. తరువాత గుర్తింపు కార్డుల మీద ఒక పెద్ద అక్షరం. ఆపైన యూదు మగవాళ్లందరి పేర్లకూ ఒకే పేరు, ఆడవాళ్లందరి పేర్లకూ ఇంకో పేరు, ప్రభుత్వమే తగిలించింది. పార్కు బెంచీమీద కూర్చోకూడదు, రేడియో ఉంచుకోకూడదు, సైకిలు ఉంచుకోకూడదు, చివరకు పిల్లిని పెంచుకోకూడదు. ఒక్కో దానికి ఒక్కో ఉత్తరువు, నంబరు, తేదీ, సంతకం. ఎంత ముత్యాల్లాంటి దస్తూరి! గీతలు స్కేలు పెట్టి కొట్టారు. అంత పొందిగ్గా రాసిన రిజిస్టర్లు నా సర్వీసులో నేను చూడలేదు.

పెద్దావిడ తన సంగతి ఒకటే చెప్పారు. అప్పుడు ఆవిడకు తొమ్మిదేళ్లు. ఒకరోజు ఉదయం టీచరు హాజరు పిలుస్తూ తన ముందు పిల్ల పేరు పిలిచి, తన తరువాతి పిల్ల పేరుకు వెళ్లిపోయారట. కేక వేయలేదు, కొట్టలేదు. తన దస్తూరి బాగుంటుందని మెచ్చుకునే టీచరేనట. ఆ పూట పుస్తకాలు సర్దుకుని ఇంటికి వచ్చేయడంతో తన చదువు ముగిసిందన్నారు. హాజరుపట్టీలో పేరు కొట్టేయడం ఎలాగో నాకు తెలుసు. స్కేలు పెట్టి, ఎర్ర సిరాతో, ఒకే గీత.

ఆ పక్క గదిలో వికలాంగుల విభాగం ఉంది. యూదులనూ జిప్సీలనూ మాత్రమే కాదు, తమ సొంత జర్మన్ ఇళ్లలోని మందబుద్ధి పిల్లలనూ మతిస్థిమితం లేనివారినీ కూడా వాళ్లు వదల్లేదని నాకు అంతకు ముందు తెలియదు. అక్కడ అద్దం కింద నాజీల కాలపు బడి లెక్కల పుస్తకం ఒకటి తెరిచి ఉంది, పక్కన ఇంగ్లీషు అనువాదం. ఒక పిచ్చాసుపత్రి కట్టడానికి అరవై లక్షల మార్కులు అవుతుంది. ఒక్కొక్కటి పదిహేను వేల మార్కుల చొప్పున ఆ డబ్బుతో ఎన్ని ఇళ్లు కట్టవచ్చు?

"నాలుగు వందలు" అన్నాను.

పైకే అనేశాను. ముప్పై నాలుగేళ్ల అలవాటు, ప్రశ్న కనబడితే జవాబు నోట్లోంచి వచ్చేస్తుంది. సరైన జవాబే. హారిక నావైపు తిరిగి చూసింది.

ఆ లెక్క చేసిన పిల్లలు పెద్దవాళ్లయ్యేలోగానే, 1939లో ఆ పని మొదలైంది. ఆసుపత్రుల నుంచి ఒక్కో రోగికి ఒక్కో ఫారం బెర్లిన్‌కు వెళ్లేది. ఏం జబ్బు, ఎన్నాళ్లుగా ఉంది, పని చేయగలడా, చూడటానికి ఎవరైనా వస్తారా. డాక్టర్లు ఫారం చదివి మూలన ఒక గుర్తు పెట్టేవారు. నీలం పెన్సిల్‌తో మైనస్ అంటే బతకనివ్వాలి. ఎర్ర పెన్సిల్‌తో ప్లస్ అంటే చంపాలి. గుర్తు పెట్టిన డాక్టర్లు ఆ మనిషిని ఒక్కసారి కూడా చూసేవారు కారని పెద్దావిడ చెప్పారు. చూడవలసిన అవసరం లేకుండా ఫారం తయారుచేశారని అన్నారు. ఆ తరువాత బూడిదరంగు బస్సులు వచ్చేవి. ఇంటికి ఒక ఉత్తరం వెళ్లేది, ఏదో జబ్బుతో పోయాడని. గది చివర పాత గూడ్సు పెట్టె ఒకటి ఉంచారు. ఆసుపత్రుల్లో నేర్చిన పద్ధతినే తరువాత యూదుల మీద, జిప్సీల మీద ప్రయోగించి, ఇలాంటి పెట్టెల్లో మనుషులను కుక్కి తీసుకుపోయారట. లోపలికి వెళ్లి నిలబడవచ్చు. నేను వెళ్లాను. కార్తీక్ గుమ్మం దగ్గరే ఆగి నా కొంగు పట్టుకుని లాగాడు. వాడికి క్రాకర్లు కావాలి, పన్నెండున్నరకు తినడం వాడి వేళ. గడియారం చూస్తే సరిగ్గా పన్నెండున్నర.

బయట పార్కింగ్ పక్కన బెంచీమీద కూర్చుని పులిహోర తిన్నాం. హారిక సగం తిని డబ్బా మూత పెట్టింది.

"అమ్మమ్మా, నీ నోట్‌బుక్‌లో కూడా అలాగే ఉంది కదా? కార్తీక్‌ది. మండే నువ్వు అమ్మకి చదివావ్. నేను స్టెప్స్ మీద ఉన్నా, విన్నా."

నేను నా డబ్బాలోని పులిహోర కలపసాగాను.

"ఆ బుక్‌లో లెక్క ఇచ్చిన టీచర్ ఉంటారు కదా, క్లాస్‌లో. ఆమెకి తెలుసా? అది ఎందుకు అడుగుతున్నారో?"

"ముందు అన్నం తిను" అన్నాను. నా జీవితంలో ఏ విద్యార్థినికీ అంత చేతకాని జవాబు ఇవ్వలేదు. మధ్యలో కూర్చున్న కార్తీక్ తన పులిహోరలోంచి పల్లీలు ఒక్కొక్కటే ఏరి నా డబ్బా మూతమీద వరసగా పేర్చాడు. వాడికి పల్లీలు ఇష్టం ఉండవని ఈ మూడు నెలల్లో నేను గమనించలేదు. రోజూ వేస్తూనే ఉన్నాను. వాడికి నెలకెంత అవుతుందో మటుకు సెంట్లతో సహా తెలుసు.

యూసుఫ్ రెండున్నరకు వచ్చాడు. ఇంటి ముందు దిగేటప్పుడు మీటరు 57 చూపింది. డబ్బు ఇచ్చి దిగబోతుంటే వెనక్కి తిరిగి, "లెక్క రాయలేదేందమ్మా, పానం బాగలేదా?" అన్నాడు. బాగానే ఉందన్నాను. ఇక్కడ రాస్తున్నాను: పోను 58, రాను టిప్పు ఆరుతో కలిపి 63, టిక్కెట్లు 22, మొత్తం 143 డాలర్లు. మీ ఇంట్లో కారు ఉంటే పెట్రోలు, టిక్కెట్లే ఖర్చు.

నేను వేసిన లెక్కా వాళ్లు చేసినదీ ఒకటని అనడం లేదు. అలా అంటే అక్కడ పోయినవారిని అవమానించడమే. కూతురి మీద ప్రేమతోనే ఆ పేజీ రాశాను, ఇంటికి లెక్క ఉండాలని ఈరోజుకీ అంటాను. కానీ అంత పెద్ద రాజ్యం మనుషులను మనుషులు కాకుండా చేసిన పని కేకలతో మొదలుకాలేదు. నాకు బాగా తెలిసిన సరంజామాతో మొదలైంది: ఫారం, స్కేలు, ఎర్ర సిరా, ఒక తేలిక భాగహారం. ఒక పిల్లవాడిని ఖర్చు వైపు రాసి, అవతలి వైపు ఇళ్లు రాస్తే, ఆ లెక్కకు ఎప్పుడూ ఒకే జవాబు వస్తుంది. తప్పు కూడికలో లేదు, కాబట్టి ఎంత సరిచూసినా దొరకదు. వారానికి మూడు రోజులు పక్క గదిలో ఆ అమ్మాయి వాడితో ఏం చేస్తుందో నేను ఒక్కసారి తలుపు తీసి చూడలేదు. చూడకుండానే ఎనిమిదేళ్లకు హెచ్చవేశాను.

వెళ్లేవారికి ఒక మాట: పన్నెండేళ్లు దాటిన పిల్లలతో వెళ్లండి, ఉదయం మొదటి బృందంలో చేరండి, మధ్యాహ్నం తినడానికి డబ్బా తీసుకువెళ్లండి. చూసింది పిల్లలు అరిగించుకోవడానికి బయట ఒక గంట కూర్చోవాలి. వాళ్లు ప్రశ్నలు అడిగేది అక్కడే.

ఇక జరగవలసినవి:

1. రేపు ఉదయం రవి, సుజాత కూర్చోగానే, వాళ్లు మాట్లాడేలోగా, 43వ పేజీ నేనే తెరవాలి. చింపకూడదు. స్కేలు పెట్టి ఎర్ర సిరాతో ఒకే గీత కొట్టి, తేదీ వేసి సంతకం పెట్టాలి.

2. డిపాజిట్ కట్టడం లేదని హాస్టల్‌కు ఫోన్ చేయాలి.

3. సోమవారం నాలుగున్నరకు థెరపీ గదిలో కూర్చోవాలి. పెన్ను తీసుకువెళ్లకూడదు.

4. వారంలో రెండు రోజులు కార్తీక్ పని నేను చూసుకుని సుజాతను పడుకోబెట్టాలి. అక్టోబరు తొమ్మిదిలోగా, వాడు మాటకు బదులు చూపే బొమ్మల కార్డులన్నీ నేర్చుకోవాలి.

5. పులిహోరలో వాడికి పల్లీలు వేయకూడదు.

6. హారికకు జవాబు చెప్పాలి. ఆ టీచరుకు తెలుసో లేదో నాకు తెలియదు. నాకు ఇప్పుడు తెలుసు.